గవర్రాజుగారి కన్నం కుర్చీ

పక్కింటి దేవుడమ్మ కుళాయి దగ్గర అందట, గవర్రాజుగారికి పట్నం ఆసుపత్రిలో పాడైన పేగు కోసేసి, దాని బదులు మేకపేగు వేసి కుట్టారని. "లేకపోతే ఆ వెళ్ళడం ఏంటమ్మా, నిలబడ్డచోట నిలబడ్డట్టు! అచ్చం మేకే!" అందట. పైగా ఆయన మాట్లాడుతున్నప్పుడు చెవి ఒగ్గి వింటే, మాటకీ మాటకీ మధ్య సన్నగా 'మే' అని వినపడుతోందని కూడా అందట. ఈ కబురు గవర్రాజుగారి పెళ్ళాం అచ్చియ్యమ్మ బిందె దించుకుంటూ మొగుడికి చేరవేసింది. చెబుతున్నంతసేపూ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు ఆయన నా మీదే కూర్చుని ఉన్నాడు.

నేను ఒక ప్లాస్టిక్ కుర్చీని. ఎర్ర రంగు, రెండు చేతులు, నాలుగు కాళ్ళు, నడిమధ్యన ఒక కన్నం. ఆ కన్నం పుట్టుకతో వచ్చింది కాదు.

ఎక్కడో రేకుల షెడ్డులో కరిగిన ముద్దని అచ్చులో పోసి నొక్కితే, మనిషి ఆవులించి నోరు మూసేలోగా పుట్టేశాను. నాలాంటివాళ్ళమే బోలెడుమందిమి ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుని, లారీ ఎక్కి, ఈ గోదావరి ఒడ్డు ఊళ్ళో షామియానాలు అద్దెకిచ్చే అన్నదమ్ముల పంచన చేరాం. మనుషుల గురించి నాకు తెలిసిందంతా అక్కడ తెలిసిందే. పెళ్ళికొచ్చినవాడు ముందుకు వంగి కూర్చుంటాడు, వడ్డన మొదలైతే పరిగెత్తాలి కనక. దినానికొచ్చినవాడు వెనక్కి వాలి కూర్చుంటాడు, అప్పుడే లేస్తే బాగుండదు కనక. మీటింగుకొచ్చినవాడు అసలు కూర్చోడు, బిర్యానీ పొట్లం చేతికొచ్చేదాకా అంచున వేలాడతాడు. మొహాలు ఎన్ని వేషాలైనా వేస్తాయి. నా మీద ఆనే భాగానికి నటన రాదు.

ఒకనాడు ఆ అన్నదమ్ములు విడిపోయారు. తగువు గవర్రాజుగారి అరుగెక్కింది. గుండిగలు చెరిసగం, గరిటెలు చెరిసగం, కుర్చీలు చెరిసగం పంచగా చివరికి నేనొక్కదాన్ని మిగిలాను. నాదంటే నాదని ఇద్దరూ నా చేతులు చెరొకటీ పట్టుకుని లాగారు. "సిగ్గులేదట్రా? ఒక్క కుర్చీ కోసం ఒక కడుపున పుట్టినోళ్ళు కొట్టుకుంటారా? వదిలెయ్యండి, అదిక్కడే ఉంటాది" అని తీర్పు చెప్పి, ఆ తీర్పు మీద కూర్చున్నాడు గవర్రాజుగారు.

ఆ విధంగా నేను పెద్దమనిషి కుర్చీనయ్యాను.

ఆయన గొప్పతనం బుర్రలో కన్నా కూర్చోవడంలో ఎక్కువగా ఉండేది. పొద్దున్న కూర్చుంటే పొద్దు వాలినా లేచేవాడు కాదు. రెండు పక్షాలవాళ్ళూ అరిచి, ఏడిచి, ఆకలికి సొమ్మసిల్లి, ఏ తీర్పయినా ఫరవాలేదు ఇంటికి పోతే చాలనుకునేవాళ్ళు. దాన్నే ఊళ్ళో న్యాయం అనేవారు. వింటూ వింటూ మధ్యలో పెద్దమనిషి లేచాడా, ఆ తగువు ఆయన చేయి దాటిపోయినట్టే. ఎవరైనా ఇంకో గడప ఎక్కొచ్చు. అది కట్టుబాటు. గవర్రాజుగారి చేయి దాటిన తగువు లేదు.

చివరికి ఆయన మీద ఆయన కడుపే తగువుకొచ్చింది. రక్తం పడింది, మనిషి చిక్కాడు, పట్నం తీసుకుపోయారు. పెద్దపేగులో చెడ్డ గడ్డ. ఉన్నమేరకు కోసేశారు. కొన్ని నెలలు పొట్టకి మలం పట్టే సంచి వేలాడేసుకుని తిరిగాడు. తర్వాత మళ్ళీ పొట్ట కోసి, మిగిలిన పేగుని అతికి, సంచి తీసేశారు. కష్టం గట్టెక్కిందనుకున్నాడు. అసలు కష్టం అప్పుడే మొదలైంది.

"పేగు పొట్టిదైపోయిందండి. పట్టి ఉంచడం మర్చిపోయింది. చంటిపిల్లలాగా మళ్ళీ నేర్చుకోవాలి, టైం పడుతుంది" అన్నాడట డాక్టరు. "కొంచెం కొంచెం తినండి, బాగా నమలండి. పాలు, పచ్చికారం వద్దు. రోజూ నడవండి. సిగ్గుపడకండి." ఆ చివరి మాట తప్ప అన్నీ విన్నాడాయన.

మెతుకు గొంతు దిగితే చాలు, పొట్టలో ఎవరో బిందెలు దొర్లించినట్టు చప్పుడు. లేవాలని తెలిసేసరికే ఆలస్యం అయిపోయేది. దొడ్డి చివరున్న మరుగుదొడ్డి ఆయనకి పొరుగూరంత దూరమైంది. వెళ్ళొచ్చి నడుం వాల్చబోయేసరికి మళ్ళీ పిలుపు. గొంతుక్కూర్చోడానికి మోకాళ్ళలో పస లేదు. ఒళ్ళు ఒరుసుకుపోయి, కొబ్బరినూనె రాసినా మంటే. అందరి నోళ్ళూ మూయించినవాడికి ఇప్పుడు మాట మధ్యలో ఆయన కడుపే అడ్డొచ్చి గట్టిగా జవాబు చెప్పేది.

చూసి చూసి అచ్చియ్యమ్మ ఒక మధ్యాహ్నం కొడవలి పొయ్యిలో పెట్టి ఎర్రగా కాల్చింది. నన్ను బోర్లించింది. నా నడుము కరుగుతున్న కంపుకి దూడ బెదిరి తాడు తెంపుకుంది.

"ఓసి నీ దుంప తెగ! బంగారంలాంటి కుర్చీ!" అని ఆయన లబలబలాడాడు.

"బంగారవైతే కిందకి దిగదు. కూచోండి" అందావిడ.

కింద ప్లాస్టిక్ బేసిన్ పెట్టింది. తీర్పులు వెలువడినచోటి నుంచి ఏం వెలువడ్డాయో నేను వర్ణించను. మునుపటి కన్నా ఇప్పుడే నిజాయితీ ఎక్కువగా ఉందని మాత్రం చెప్పగలను.

ఊరు మహా మర్యాదైనది. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. వీధిలో పోతూ పోతూ ప్రహరీ మీదుగా "ఏవండీ గవర్రాజుగారూ, కూచున్నారా?" అని పలకరించేవారు. "కూచున్నానురా" అనేవాడు ఈయన, అలవాటు కొద్దీ. బయట ఒక నవ్వు పేలేది. అరుగు మీదికి తగువులు రావడం మానేశాయి. కడుపు ఆపుకోలేనివాడు ఊరినేం ఆపుతాడని పాక హోటల్లో అనుకున్నారట. ఆయన్ని కోత కన్నా ఆ మాట ఎక్కువ కోసింది. అన్నం లేకపోయినా బతికేలా ఉన్నాడు గానీ, ఆ అరుగు లేకపోతే బతికేలా లేడు.

సరిగ్గా అప్పుడు నూకరత్నం వచ్చింది. వరసకి కోడలు, మొగుడు పోయిన పిల్ల. పొలం పంపకాలు గతంలో ఈయన చేతి మీదే జరిగాయి. ఆమె చేలోకి నీళ్ళు వెళ్ళే బోదె, మరిది బుల్లియ్య చేను గట్టు పక్కనుంచి పోతుంది. ఆ బోదె బుల్లియ్య పూడ్చేసి కొబ్బరిమొక్కలు నాటాడు. ఇక్కడ బోదె ఎప్పుడుందని ఎదురు తిరిగాడు.

"నారు ముదిరిపోతోంది మావయ్యగారూ. తడి లేకపోతే ఈ పంట నాకు లేనట్టే. మీరే పంచారు, మీరే చెప్పాలి" అంది.

ఆమె వెళ్ళాక గవర్రాజుగారి కళ్ళలో చాలాకాలానికి వెలుగొచ్చింది. అది నూకరత్నం చేను కోసం వచ్చిన వెలుగు కాదు. 'తగువు అయ్యేదాకా లేవకుండా కూర్చుంటే నా పెద్దరికం నాకొచ్చేస్తుంది' అనుకున్నాడు. ఆ వెలుగులోనే ఒక ఉపాయం తట్టింది. ఇంత ఉపాయం మనిషికి మాత్రమే తడుతుంది, మేకకి తట్టదు.

నన్నే అరుగు మీద వేయించాడు. కింద బేసిన్ పెట్టించాడు. పంచె వెనకవైపు పైకి తీసేసి కన్నం మీద కూర్చుని, మెడ దగ్గర్నుంచి నేలదాకా దుప్పటి కప్పించుకున్నాడు. "చలిజ్వరం అని చెప్పు" అన్నాడు. పక్కన సాంబ్రాణి వేయించాడు. ఆయన దగ్గినప్పుడల్లా లోపల అచ్చియ్యమ్మ రోట్లో రోకలి వెయ్యాలి. అలా మాట్లాడుకున్నారు.

"ఏం దంచనండి? ఇంట్లో దంచేదేం లేదు."

"ఉత్తి రోలు దంచవే!"

ముందురోజంతా ఆయన గంజిచుక్క తప్ప ముట్టలేదు. పొట్ట ఖాళీగా ఉంటే మాట వింటుందని ఆశ.

జనం వచ్చారు. దేవుడమ్మ అందరికన్నా ముందొచ్చి, అందరికన్నా దగ్గరగా కూర్చుంది. బుల్లియ్య స్టీలు గిన్నె పట్టుకొచ్చాడు.

"గేదె ఈనింది పెదనాన్నా. మొదటి జున్ను నీకే అనుకున్నాను. ఇంతమంది ముందు కాదనకు."

పాలు వద్దన్న డాక్టరు మాట ఊరందరికీ తెలుసు. అది దేవుడమ్మ పుణ్యం. తినకపోతే రోగి, తింటే పెద్దమనిషి. అందరూ ఆయన నోటి వంక చూస్తున్నారు. గవర్రాజుగారు గిన్నె అందుకుని, మిరియం గింజ కూడా మిగల్చకుండా తిన్నాడు. ద్వారబంధం దగ్గర అచ్చియ్యమ్మ నుదురు కొట్టుకుని, వెళ్ళి రోకలి చేతపట్టుకుంది.

వాదన సగంలో ఉండగా జున్ను పనిలోకి దిగింది. గవర్రాజుగారు దగ్గాడు. లోపల ధన్ ధన్. ఇంకో దగ్గు. ధన్ ధన్ ధన్. ఆయన చేతులు నా చేతుల్ని నలిపేస్తున్నాయి. నుదుటి మీద చెమట కారి కనుబొమల్లో ఆగింది. మొహం మాత్రం గుళ్ళో విగ్రహంలా కదలకుండా ఉంది. కింద నేనూ, నా కింద బేసినూ నిజం మోస్తున్నాం.

"పెద్దమ్మా, ఇంట్లో పెళ్ళేవైనా పెట్టుకున్నారేంటి? తెగ దంచేస్తన్నావు!" అని కేకేశాడు బుల్లియ్య. అరుగంతా నవ్వింది. సాంబ్రాణి ఇంకొంచెం వెయ్యమన్నారెవరో. దేవుడమ్మ పైట ముక్కుకి అడ్డం పెట్టుకుని, "పొగండి" అంది ఎవరూ అడక్కుండానే.

అయినా గవర్రాజుగారు లేవలేదు. ఇద్దరి మాటలూ చివరిదాకా విన్నాడు. గెలిచాననే అనుకున్నాడు. అప్పుడు నూకరత్నం చేతులు జోడించింది.

"ఇంక మాటలెందుకు మావయ్యగారూ. భూమి తగువు భూమ్మీద నిలబడే చెప్పాలని మీరే అంటారు కదా. ఒక్కసారి వచ్చి చూడండి. పైన మట్టి కొత్తది. గునపం వేస్తే పాత బోదె గట్టు కనపడుద్ది."

ఉపాయం పన్నినప్పుడు ఈ సంగతి ఆయనకి తట్టనే లేదు. లేవకుండా కూర్చోడం గురించే ఆలోచించాడు గానీ, లేవాల్సి వస్తుందని అనుకోలేదు.

"రేపు చూద్దాంలే" అన్నాడు.

"రేపటికి నీటి వంతు అయిపోద్దండి" అంది నూకరత్నం.

బుల్లియ్య లేచి నిలబడ్డాడు. వాడి గొంతులో పంచదార కరుగుతోంది. "నిజవే పెదనాన్నా, నాలుగడుగులు. వచ్చి చూసి, బోదె ఉందంటే ఇప్పుడే నా చేత్తో తవ్వేస్తాను. పద." వాడితోపాటు అందరూ లేచారు. తువ్వాళ్ళు దులుపుకున్నారు. దారి ఇచ్చారు. గవర్రాజుగారు ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఏం పెదనాన్నా? లేవలేవా ఏంటి?"

ఆయన తొడలు ఒక్కసారి బిగిశాయి. లేద్దామనే అనుకున్నాడు, నాకు తెలుసు. బరువు పాదాల మీదికి పోయింది, నా వెనక కాళ్ళు నేల వదిలాయి. దుప్పటి అంచు జారింది. దేవుడమ్మ మెడ సాచింది. ఆ మెడ చూశాడాయన. బరువంతా తిరిగి నా మీద పడింది.

"లేని బోదెని చూడ్డానికి నేనెందుకురా లేవడం?" అన్నాడు. "పంచినోణ్ణి నేను. అక్కడ బోదె పెట్టలేదు. ఇంక వెళ్ళండి."

నూకరత్నం జోడించిన చేతులు దించింది. జనం నెమ్మదిగా అరుగు దిగారు. లోపల రోకలి అంతకుముందే ఆగిపోయింది.

నారు ఎండింది. నూకరత్నం ఆ చేను బుల్లియ్యకే కౌలుకిచ్చి కూలికి పోవడం మొదలుపెట్టింది. గవర్రాజుగారి పెద్దరికం నిలిచింది. రోగంలోనూ లేవకుండా తీర్పు చెప్పిన మనిషని పాక హోటల్లో చెప్పుకున్నారు. చెప్పుకుని నవ్వుకున్నారు. డాక్టరు చెప్పినట్టే పేగు కాస్త కాస్త నేర్చుకుంటోంది. అరుగు మీదికి ఇప్పుడు కొత్త కుర్చీ వచ్చింది. నా స్థానం దొడ్లో, గడ్డిమేటు చాటున. పొద్దున్నపూట మాత్రం ఆయనకి నేను ఇంకా కావాలి.

మొన్న ఒక పొద్దున ఆయన నా మీద ఉండగా, పెంట ఎత్తడానికి అచ్చియ్యమ్మ పిలిచిన కూలిమనిషి గంపతో గడ్డిమేటు తిరిగొచ్చింది. నూకరత్నం. ఆయన గబుక్కున తువ్వాలు ఒళ్ళో వేసుకున్నాడు. ఆమె చూపు తిప్పుకుని, వంగి పేడ ఎత్తుకోసాగింది. అచ్చియ్యమ్మ చెంబుతో వచ్చి మధ్యలో ఆగిపోయింది.

ఆయనే పలకరించాడు. "అమ్మాయ్, ఆ రోజు నేను లేవలేకపోయాను. నీకు తెలీదులే. దుప్పటి కింద నా పరిస్థితి..."

నూకరత్నం గంప నెత్తికెత్తుకుంది.

"తెలుసండి. అరుగు మీదున్నోళ్ళందరికీ తెలుసు. లేస్తానంటే అటు తిరిగి నిలబడేవాళ్ళం. మీరు కడుక్కునొచ్చేదాకా గట్టు మీద కూచునేదాన్ని. లేదంటే నేనే కడిగేదాన్ని. నా చేను కదండీ."