మూడో అంతస్తులో కుట్టుమిషను

మదనపల్లె బస్టాండు వెనక వీధిలో మునిరత్నమ్మ ఇరవై రెండేళ్ళు ఒకే గదిలో కాపురముండింది. కాపురమంటే ఆమె, ఆమె కుట్టుమిషను. మొగుడు పెళ్ళైన నాలుగో ఏటే కుప్పంలో ఇంకో సంసారం పెట్టుకుని అటే నిలిచిపోయాడు. పుంగనూరులో ఉండే వాళ్ళక్క చిన్నక్క వచ్చి తీసుకుపోతే, నెల రోజులుండి తిరిగొచ్చేసింది. అక్క మంచిదే. కానీ ఆ ఇంటి ముందర మధ్యాహ్నమైతే కుక్క కూడా మొరగదు. మునిరత్నమ్మకు అంత నిశ్శబ్దం పడదు. టమోటా లారీల హారన్లు, బజ్జీల బండి దగ్గర చిల్లర తగాదాలు, "బెంగుళూరు, బెంగుళూరు" అని కండక్టర్ల కేకలు, వీటి నడుమ మిషను తొక్కితేనే ఆమెకు కుట్టు తిన్నగా పడేది. వీధిలో పోయేవాళ్ళు కిటికీ దగ్గర ఆగి, "అయ్యిందా మునిరత్నమ్మా?" అని ఒక మాట అడగకుండా పోయేవాళ్ళు కాదు.

ఆ గది ఉన్న పాత మిద్దెను వాళ్ళ ఓనరు బిల్డరుకు అమ్మేశాడు. పడగొట్టి ఐదంతస్తులు లేపుతారన్నారు. పాత బాడుగవాళ్ళకు ముందుగా ఇస్తామని బిల్డరు మనిషి మునికృష్ణ రంగురంగుల కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు.

"మూడో అంతస్తులో ఒక స్టూడియో ఉండాది అమ్మా. నీకు సరిగ్గా సరిపోతాది."

"స్టూడియో యాల నాకు? ఫోటోలు తీసేదానికా?"

"అది కాదమ్మా. ఒకటే గది. వంట, పడక, కూర్చునేది అన్నీ దాంట్లోనే. మూలలో బాత్రూము."

"అట్లైతే ఇన్నాళ్ళూ నేనుండింది స్టూడియోలోనే గదప్పా!" అని ఆమె నవ్వింది.

అప్పుడు గదిలో షైలజ టీచరు కూడా ఉంది. మునిరత్నమ్మకు ఆమె పదిహేనేళ్ళ గిరాకీ. ఆది జాకెట్టు లేకుండా కళ్ళు మూసుకుని కుట్టగలిగినంత తెలుసు ఆమె కొలత. షైలజ భర్త పేరు నెహెమ్యా, ఆసుపత్రిలో ల్యాబు పని చేస్తాడు. వాళ్ళూ అదే బిల్డింగులో రెండు గదుల ఫ్లాటు తీసుకుంటున్నారు.

"తీసుకో అక్కా. ఎన్నాళ్ళని బాడుగిండ్లల్లో ఉంటావు? ఒకే మెట్ల మీద తిరగచ్చు," అంది షైలజ.

మునిరత్నమ్మ అడగవలసింది ముందే అడిగింది. "ఆడ మిషను పెట్టుకోవచ్చు గదా?"

"నీ ఇల్లు, నీ ఇష్టం. కుట్టుకుంటావో, కత్తిరించుకుంటావో ఎవురడుగుతారు?" అన్నాడు మునికృష్ణ.

"నేనుండాను గదక్కా," అంది షైలజ.

గుర్రంకొండ దగ్గర తండ్రి రాసిచ్చిన చేను అమ్మి, చేతి గాజులు అమ్మి ఆమె ఆ గది కొనింది. బిల్డింగు లేచేదాకా రెండేళ్ళు ఊరవతల రేకుల షెడ్డులో ఉండి, వారానికి రెండుసార్లు పని మానుకుని వచ్చి చూసుకునేది. తన కిటికీకి గోడలో విడిచిన ఖాళీ చదరాన్ని కింద నిలబడి వేలితో చూపించి, బజ్జీల బండి రాములమ్మకు చెప్పేది: "అదే నాది. ఆడినించి నువ్వు నూనెలో ఏమేస్తాండావో కూడా కనిపిస్తాది."

చేరిన రోజు పాలు పొంగించి, మొదటి గ్లాసు రాములమ్మకు తీసుకుపోయి ఇచ్చింది. మధ్యాహ్నానికి మిషను కిటికీ కిందికి జరిపింది. నలభై ఎనిమిదేళ్ళ బతుకులో మేకు కొట్టాలంటే ఎవరినీ అడగనక్కరలేని గోడ అదే మొదటిది. ఆ సాయంత్రం ఊరికే ఒక మేకు కొట్టి, దానికి ఏం తగిలించాలో తోచక కొలతల టేపు తగిలించింది.

మూడో వారంలో వాచ్‌మన్ ఒక కాగితం తెచ్చిచ్చాడు. ఫ్లాట్లు నివాసానికి మాత్రమేనని, వ్యాపారం చేసేవాళ్ళు వెంటనే ఆపాలని దాంట్లో ఉంది. కింద బిల్డింగు సంఘం సెక్రటరీ సంతకం. మునిరత్నమ్మకు చదవడం అంతంత మాత్రమేగానీ, తన బాకీ పుస్తకంలో ఎన్నోసార్లు చూసిన ఆ సంతకం చదవకుండానే గుర్తుపట్టింది. షైలజది.

నేరుగా రెండో అంతస్తుకు దిగిపోయింది.

"అది అందరికీ ఇచ్చిన కాగితం అక్కా, నీ ఒక్కదానికే కాదు," అంది షైలజ తలుపు దగ్గరే నిలబడి. "లిఫ్టులో ఎవరెవరో వస్తా ఉండారని కంప్లైంటు వచ్చింది. ఆదివారం మీటింగులో మాట్లాడుకుందాం."

లోపలికి రమ్మనలేదు. అప్పటికైనా ఆమెకు అర్థం కావలసింది. కాలేదు. ఆదివారం ఇస్త్రీ చీర కట్టుకుని కింద పార్కింగులో వేసిన ప్లాస్టిక్కు కుర్చీల్లో ముందు వరుసలో కూర్చుంది.

ప్రెసిడెంటు రిటైరైన ఇంజనీరు. మర్యాదగానే మాట్లాడాడు. మిషను చప్పుడన్నాడు, ముక్కు మొగం తెలియని మనుషులన్నాడు, ఫ్లాట్ల విలువ పడిపోతుందన్నాడు.

మునిరత్నమ్మ లేచింది. "నా కాడికొచ్చేది ఆడోళ్ళే గదప్పా. పండగలకి మీ ఇండ్లల్లోవాళ్ళు తొడుక్కున్న జాకెట్లు నేను కుట్టినవే. కొనేటప్పుడు అడిగే కొన్నాను. టీచరమ్మ ఆడే ఉండింది."

అందరూ షైలజ వైపు చూశారు. షైలజ రిజిస్టరులో ఏదో రాసుకుంటోంది.

"టీచరమ్మ కూడా సాయంత్రం పదిమంది పిల్లోళ్ళకి ట్యూషన్ సెప్తాండాది. వాళ్ళూ లిఫ్టులోనే వస్తారు. దానికి లేని అడ్డం నాకు యాల?"

"అది చదువమ్మా," అన్నాడు వెనక నుంచి ఎవరో. "దాన్నీ దీన్నీ ఒకటి చేస్తే ఎట్లా?"

కొంతమంది నవ్వారు. చేతులెత్తమన్నాడు ప్రెసిడెంటు. ఒక్కొక్క చెయ్యే లేచింది. చివరికి షైలజ కూడా పెన్ను పక్కన పెట్టి చెయ్యెత్తింది. ఆకుపచ్చ జాకెట్టు, క్రిస్మస్‌కు మునిరత్నమ్మే కుట్టింది. అంత పైకి చెయ్యెత్తినా చంక కింద ఎక్కడా పట్టలేదు, ముడత పడలేదు. మునిరత్నమ్మ కన్ను అక్కడే నిలిచిపోయింది.

ఆ తర్వాత ఆర్నెల్లు లాగింది. మిషను కింద దుప్పట్లు మడిచి వేసింది. అయినా కింది ఫ్లాటువాళ్ళు కప్పు మీద కర్రతో కొట్టారు. వచ్చినవాళ్ళ చేత వాచ్‌మన్ గేటు దగ్గరే పేరు, ఫోను నెంబరు రాయించుకుంటుంటే, జాకెట్టు గుడ్డ చంకలో పెట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు అట్నుంచటే వెళ్ళిపోయారు. అదే వీధిలో అంగడి అద్దెకు అడిగింది. వాళ్ళు చెప్పిన అడ్వాన్సుకు ఆమె దగ్గర అమ్మడానికి ఇంకేమీ మిగల్లేదు, ఆ గది తప్ప. గదిని అమ్మబుద్ధి కాలేదు. బాడుగకిచ్చి, మిషను ఆటోలో వేసుకుని పుంగనూరు పోయింది. చిన్నక్క ఏమీ అడగకుండా ముందు గది ఖాళీ చేసింది.

బాడుగకొచ్చింది సింధూజ అనే అమ్మాయి. బెంగుళూరు కంపెనీలో ఉద్యోగం, పనంతా ఇంట్లోనే. మనసున్న పిల్ల, బాడుగ ఒక రోజు కూడా దాటనివ్వదు. బాత్రూము గోడకు చెమ్మ వస్తోందని ఫోను చేస్తే, మునిరత్నమ్మ చూడ్డానికి వచ్చింది.

కిటికీ కింద ఇప్పుడు పెద్ద బల్ల, రెండు కంప్యూటర్లు. ఇంకో ఇద్దరు అమ్మాయిలు కూడా వచ్చి కూర్చుని పనిచేస్తున్నారు. వాళ్ళ పేర్లు గేటు దగ్గర ఎవరూ రాయించుకోలేదు.

"రోజూ వస్తారా మీరు?" అని అడిగింది మునిరత్నమ్మ.

సింధూజ చెవులకు తగిలించుకున్నది సర్దుకుంటూ, పెదవుల మీద వేలు పెట్టింది. నవ్వుతూనే పెట్టింది. కాల్‌లో ఉన్నానని సైగ చేసి, మంచం చూపించింది. మునిరత్నమ్మ మంచం అంచున కూర్చుంది. కిటికీ అద్దాలు బిగించి ఉన్నాయి. లోపల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కింద రాములమ్మ ఎవరితోనో చెయ్యి తిప్పుతూ తగాదా పడుతోంది. నోరు కదలడం కనిపిస్తోంది, అంతే. లేచి అద్దం తెరుద్దామా అనుకుంది. అడగాలంటే మాట్లాడాలి. ఊరుకుంది.

చెమ్మ చూసుకుని, కిందికి దిగేసరికి గేటు దగ్గర షైలజ ఎదురైంది.

"అక్కా! ఎన్నాళ్ళైంది! ప్రీతికి పెండ్లి కుదిరింది. పన్నెండు జాకెట్లు కుట్టించల్ల. నీలాగ ఈ ఊళ్ళో ఎవరూ కుట్టరక్కా. పుంగనూరికి పంపిస్తాను."

షైలజ కూతురు ప్రీతి మొదటి పట్టు పావడా మునిరత్నమ్మే కుట్టింది. పిల్ల భుజాలు ఎంత వెడల్పయ్యాయో ఒక్క క్షణం మనసులోనే కొలుచుకుంది.

"కుదరదు టీచరమ్మా. సేతి నిండా పని ఉండాది," అంది.

"రెండు నెలలు టైముంది గదక్కా."

"ఎంత టైమున్నా కుదరదు."

షైలజ మొహం చిన్నబోయింది. మునిరత్నమ్మ అది చూసింది, చూసి కూడా ఆగలేదు. రాములమ్మ పొట్లం కట్టిచ్చిన బజ్జీలు తీసుకుని పుంగనూరు బస్సెక్కింది. స్కూళ్ళు తెరిచి యూనిఫారాలు అయిపోయాక, ఆ నెలలో ఆమె దగ్గరికి వచ్చిన పని ఒక్క లంగాకు నాడా ఎక్కించడమే. బస్సు ఊరు దాటేదాకా బజ్జీలు నోట్లో పెట్టలేకపోయింది. దాటాక తింది, ఆకలిగా ఉండింది కాబట్టి.