ఉబ్బలో నల్లబడ్డ గుడ్డలు

బట్టలుతికే మాలకొండమ్మ మూటను వాకిట్లో దించి, ముడి విప్పకుండా నిలబడింది. వచ్చీ రాగానే పరాచికాలాడే మనిషి ఆ పొద్దు నోరు మెదపలేదు. “ఏందే, అట్ల నిలబడినావు? విప్పు” అని ఇంటి పెద్దామె అంకాలమ్మ కసిరాక విప్పి, పసిబిడ్డ గుడ్డలు నాలుగు తీసి అరుగు మీద పరిచింది. పాత చీర చింపి చేసిన తెల్లటి గుడ్డలవి. బిడ్డ తడిపిన చోటల్లా సిరా ఒలికినట్టు నల్లటి మరకలున్నాయి.

“చవుడు మన్ను కలిపి ఆవిరికి ఉబ్బ పెట్టినా తల్లీ. మరకలు పోయేదానికి బదులు ఇంకా నల్లబడినాయి. మూడు తూర్లు ఉడకబెట్టినా. ఇన్నేండ్లలో ఇట్లాంటివి నేను చూళ్ళేదు” అంది మాలకొండమ్మ.

చావిడి మూల కూర్చుని ఉన్ని వడుకుతున్న పెద్ద కోడలు శ్రీశైలమ్మ తల ఎత్తి చూసింది. ఆమెకు ముందు కలిగింది భయం కాదు, సంతోషం. చాలా రోజుల తర్వాత ఊపిరి తేలిగ్గా ఆడింది. ఆ తర్వాతే తన సంతోషాన్ని చూసి తనకే భయం వేసింది.

పదకొండేళ్ళ కిందట గిద్దలూరు వైపు నుంచి అంకాలమ్మ కొడుకు కాటమరాజుకు పెళ్ళాంగా ఆమె ఆ ఇంట అడుగుపెట్టింది. ముందునుంచి చుట్టరికం లేని సంబంధం. రెండు వందల గొర్రెలున్న ఇల్లు. కడుపు పండలేదు. తొమ్మిదేళ్ళు చూసి, అంకాలమ్మ తన కూతురి కూతురు చెంచులక్ష్మిని కొడుక్కి ఇచ్చి చేసింది. మేనమామను చేసుకోవడం ఆ ఇళ్ళలో కొత్తేమీ కాదు. శ్రీశైలమ్మను అడిగినప్పుడు “సరే” అంది. పెళ్ళికి వంట కూడా తనే దగ్గరుండి చేయించింది.

సరే అన్నంత సులువుగా రోజులు గడవలేదు. చెంచులక్ష్మి తలకు ఏ రోజు నూనె పెట్టుకుందో ఆమెకు గుర్తుండేది. కాటమరాజు మందనుంచి వచ్చి మంచినీళ్ళకు ఎవరి పేరు పిలిచాడో గుర్తుండేది. తల్లి చచ్చిన మేకపిల్లను తను చేతులతో పాలు తాపి బతికిస్తే, అది పెద్దదై ఈనాక దాని పాలన్నీ మగబిడ్డను కన్న చెంచులక్ష్మికి పోయాయి. అదైనా ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒకటే. నవ్వడమే ఎరగని మొగుడు, బిడ్డను రొమ్ము మీద పడుకోబెట్టుకుని వెల్లకిలా పడి నవ్వడం. పదకొండేళ్ళలో ఆ నవ్వు ఆమె వినలేదు. అది ఆ మనిషిలో ఉందనే ఆమెకు తెలియదు.

అంకాలమ్మ గుడ్డలను చూసింది. పైట కొంగును చెవుల మీదికి ఇంకాస్త లాక్కుంది. ఎండయినా వానయినా ఆమె చెవులు కప్పుకునే ఉంటుంది. నడుము కొయ్యబారి వంగదు. పుల్ల కింద పడినా గోడ పట్టుకుని కూర్చుని తీయాల్సిందే. అట్లాగే కొయ్యలా నిలబడి, చేయి చాచి కోడలి వైపు చూపించింది.

“దీని కడుపుమంటే! గొడ్డుది ఏదో పెట్టింది నా మనమడికి.”

“నేనేం పెడతా అత్తా? బిడ్డను నా చేతికే ఇయ్యరు గదా!”

“చేతికియ్యాల్నా? చూపు చాలదూ?”

శ్రీశైలమ్మ కదురు పక్కన పెట్టింది. చూపు నిజమే కదా. బిడ్డ పాలు తాగుతుంటే దడి సందులోంచి ఎన్నిసార్లు చూసింది!

సాయంత్రానికి మాట ఊరంతా పాకింది. నీళ్ళకు పోతే ఆడవాళ్ళు కడవలు పక్కకు జరుపుకున్నారు. పొదిలి నుంచి మంత్రగాణ్ణి పిలిపిస్తానంది అంకాలమ్మ. గొర్రెలను నల్లమల కిందికి తోలుకుపోబోతున్న కాటమరాజు, గొంగడి భుజాన వేసుకుంటూ నేల చూపులు చూస్తూ అన్నాడు: “కొన్నాళ్ళు మీ నాయన కాడికి పోయి ఉండు శ్రీశైలా. గొడవ సద్దుమణుగుతాది.”

“పోతే తప్పు ఒప్పుకున్నట్టే. బిడ్డను మార్కాపురం మిషనాస్పత్రికి తీసుకపోదాం. అది నా పనేనని డాక్టరు చెప్తే, నువ్వు చెప్పకముందే పోతా.”

అతను మంద వైపు నడిచాడు. చెంచులక్ష్మి మాత్రం లోపలినుంచి బిడ్డతో సహా బయటికి వచ్చింది. “నేను వస్తా అక్కా. వాడికి ఏమైందో నాకు తెలియాల” అంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. ఆ ఉబ్బిన మొహంతో కూడా అందంగా ఉందే అనుకుంది శ్రీశైలమ్మ.

అవ్వ వద్దన్నా వినకుండా మర్నాడు చెంచులక్ష్మి బండెక్కింది. దారి పొడుగునా ఇద్దరూ చెరో వైపు చూస్తూ కూర్చున్నారు. ఎండ పొడ బిడ్డ మొహాన పడుతుంటే శ్రీశైలమ్మ తన కొంగు అడ్డం పెట్టబోయి, చెంచులక్ష్మి బిడ్డను అటు తిప్పుకోవడం చూసి చేయి వెనక్కి తీసుకుంది.

ఆస్పత్రిలో నర్సు ఏసమ్మ బిడ్డ ఉచ్చ పట్టి, గాజు గొట్టంలో చక్కెర పరీక్షకు వాడే నీలిరంగు మందుతో కలిపి కాచింది. నీలం పోయి రంగు మారింది. “చక్కెర ఉన్నట్టుంది. ఇంత పసివాడికా!” అంటూ కంగారుగా డాక్టరు కరుణాకరాన్ని పిలుచుకొచ్చింది. ఆయన గుంటూరు మనిషి, మద్రాసులో చదివినవాడు. గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసి కనుబొమలు ముడిచాడు.

“చక్కెరైతే పైన ఇంత నల్లగా తేలదు, ఏసమ్మా.”

వేరే గొట్టంలో ఉచ్చ పోసి, చవుడు లాంటి క్షారపు నీళ్ళు నాలుగు చుక్కలు వేసి ఊపాడు. వాళ్ళ కళ్ళముందే అది గోధుమరంగుకు, ఆపైన నలుపుకు తిరిగింది. చెంచులక్ష్మి కెవ్వుమంది. డాక్టరు మొహం వెలిగిపోయింది. “చదువుకునేటప్పుడు పుస్తకంలో చూశాను. మనిషిలో చూస్తాననుకోలేదు!” అన్నాడు. ఎదుట ఉన్నది తల్లి అని గుర్తొచ్చి సర్దుకున్నాడు. “భయపడకమ్మా. వీడు చక్కగా పెరుగుతాడు. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు.”

“ఎవరన్నా చేస్తే వచ్చేదా అయ్యా?” శ్రీశైలమ్మ అడిగింది.

“ఎవరూ చేయలేరు. చేద్దామన్నా చేతకాదు.” ఆమె వేళ్ళకు అంటిన ఉన్ని నూగు చూసి ఆయన స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. “గొంగడి ఎట్లా తయారవుతుంది? ఒకరు బొచ్చు కత్తిరిస్తారు, ఒకరు ఏకుతారు, ఒకరు వడుకుతారు, ఒకరు నేస్తారు. అవునా? తిన్న తిండికీ లోపల అట్లాగే జరుగుతుంది. పాలలో, పప్పులో, మాంసంలో మాంసకృత్తులుంటాయి. కడుపు వాటిని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్లో ఒక రకాన్ని ఒంట్లో మెట్టు మెట్టుగా విరవాలి. మెట్టుకొక పనివాడు. వాణ్ణి ఎంజైము అంటాం. ఒకడి పని ఇంకొకడు చేయడు. మీవాడిలో నడిమి మెట్టు దగ్గరి పనివాడు లేడు. ఏకేవాడు లేకపోతే బొచ్చు కుప్పపడినట్టు, ఆ మెట్టు దగ్గర సరుకు మిగిలిపోతుంది. మిగిలింది ఉచ్చలో బయటికి వస్తుంది. గాలి తగిలినా, చవుడు తగిలినా నల్లబడుతుంది.”

“నా పాలు చెడ్డవా?” అంది చెంచులక్ష్మి.

చెడ్డవని అంటే బాగుండునని శ్రీశైలమ్మ మనసులో ఒక్క క్షణం మెరిసింది.

“పాలు బంగారం లాంటివి. తాపు.” డాక్టరు నోటుపుస్తకం తీశాడు. “బిడ్డ తండ్రి నీకు చుట్టమేనా?”

“మేనమామ.”

“ఇంట్లో పెద్దవాళ్ళకు చెవులు నీలంగా, నల్లగా మారి, కంటి తెల్లగుడ్డులో మచ్చలు పడి, నడుము పట్టేసిందా?”

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. బండిలో కలవని కళ్ళు అప్పుడు కలిశాయి.

“మా అవ్వ” అంది చెంచులక్ష్మి.

అంకాలమ్మ తన బట్టలు మాలకొండమ్మకు ఏనాడూ వేయలేదని శ్రీశైలమ్మకు ఆ క్షణంలో తట్టింది. ఎవరూ లేని వేళ వాగుకు పోయి తనే ఉతుక్కునేది. మడి అనుకున్నారంతా.

డాక్టరు తల ఊపాడు. ప్రతి పనివాణ్ణీ తయారు చేసే జన్యువు తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి బిడ్డకు వస్తుందనీ, ఒకటి మంచిదైతే పని నడుస్తుందనీ, రెండూ చెడ్డవైతేనే ఇట్లా అవుతుందనీ చెప్పాడు. అంకాలమ్మలో రెండూ చెడ్డవే. ఆమె కొడుక్కీ కూతురికీ చెరొకటి వెళ్ళింది. కూతురినుంచి చెంచులక్ష్మికి వచ్చింది. మేనమామా మేనకోడలూ కలిసేసరికి అవి రెండూ ఈ బిడ్డలో కలుసుకున్నాయి.

“ఇంకో బిడ్డ పుడితే?” చెంచులక్ష్మి గొంతు పీలగా వచ్చింది.

“నలుగురిలో ఒకరికి రావచ్చు. రాకపోనూ వచ్చు.”

శ్రీశైలమ్మ అడగకూడదనుకుంటూనే అడిగింది. “నేను ఆయనకు మొదటి పెళ్ళాన్ని. మాది వేరే చుట్టరికం. నాకు పుట్టి ఉంటే?”

డాక్టరు ఆమె ఎందుకు అడిగిందో ఆలోచించలేదు. “నీకైతే దాదాపు రాదమ్మా” అన్నాడు.

తిరుగు దారిలో ఆ మాట ఆమె నోట్లో బెల్లం ముక్కలా కరుగుతూ వచ్చింది. నీకైతే రాదు. తన కడుపు ఖాళీయే కావచ్చు, కానీ దానిలో ఈ లోపం లేదు. పక్కన కూర్చున్న పిల్ల బిడ్డ తలను ముద్దు పెట్టుకుంటూ ఏడుస్తుంటే, జాలి పడాల్సిన చోట ఆ తీపే ఉంది.

ఇంటికి చేరగానే ఆమె అత్తను గొర్రెల దొడ్డి వెనక్కి పిలిచింది. డాక్టరు చెప్పిందంతా చెప్పింది. అంకాలమ్మ దొడ్డి గుంజ పట్టుకుని నిలబడి విన్నది.

“పన్నెండేండ్లకు కాపురానికి వచ్చినా” అంది చివరికి. “నీ గుడ్డలు నువ్వే ఉతుక్కోవాల, ఎవరన్నా చూస్తే ఎల్లగొడతారు అని మా అమ్మ చెప్పి పంపింది. అప్పట్నించీ దాచినా. వాడి గుడ్డలు చూడంగానే నా గుండె జారింది. అందరూ నన్ను చూస్తారని నిన్ను చూపించినా. నీకు పిల్లల్లేరు. నీ మీదైతే నిలుస్తాదనుకున్నా.”

“నిలిచింది. కడవలు జరుపుకుంటున్నారు.”

“నా కొడుక్కి చెప్పొద్దే.”

“నువ్వు చెప్పు. లేకుంటే నేను చెప్తా.”

ఐదో రోజు కాటమరాజు ఒకపూట ఇంటికి వచ్చాడు. అంకాలమ్మ నోరు తెరవలేదు. శ్రీశైలమ్మ వాకిట్లోనే, మాలకొండమ్మా ఇరుగుపొరుగూ వినేట్టు అంతా చెప్పింది. అక్కడితో ఆపి ఉంటే గెలిచేది. ఆపలేకపోయింది. “నా కడుపున పుట్టి ఉంటే వీడికి ఇది ఉండేదే కాదు. డాక్టరే చెప్పినాడు!” అంది.

చెంచులక్ష్మి చెంపదెబ్బ తిన్నట్టు గుంజకు ఆనుకుంది. కాటమరాజు పెద్ద పెళ్ళాం వైపు తిరిగాడు. మొహంలో కోపం లేదు, అలసట ఉంది.

“పుట్టలేదు గదా శ్రీశైలా.”

అంతే అన్నాడు. నోట్లోని తీపి అప్పటికప్పుడు విరిగిపోయింది.

అప్పుడు అంకాలమ్మ ముందుకు వచ్చి కొంగు తీసేసింది. మార్కాపురం పలకల రంగులో ఉన్న చెవులు అందరికీ కనబడ్డాయి. “నాదే నాయనా. దానిది కాదు” అంది కొడుకుతో. ఎవరూ ఆమెను వెళ్ళగొట్టలేదు. మాలకొండమ్మ మాత్రం “నలభై ఏండ్లు వాగులో చేతులు అరగదీసుకున్నావే తల్లీ. నాకు చెప్తే నేను ఉతకనా?” అంది. మంత్రగాడికి రావద్దని కబురు పోయింది. కాటమరాజు మందకు తిరిగి పోతూ శ్రీశైలమ్మతో “నువ్వు యాడికీ పోవద్దు” అన్నాడు. తప్పయిందని అంటాడేమోనని ఆమె దిడ్డి వాకిలి దాకా వెంట నడిచింది. అనలేదు.

రెండేళ్ళకు చెంచులక్ష్మికి ఆడపిల్ల పుట్టింది. ఆ బిడ్డకు ఏ మరకా లేదు. ఊరంతా సంతోషించిన ఆ రోజు శ్రీశైలమ్మ పొయ్యి దగ్గర పొగ వంకతో కళ్ళు తుడుచుకుంది. ‘నీకైతే రాదు’ అన్న డాక్టరు మాట ఇక ఎవరికీ గుర్తుండదని ఆమెకు అర్థమైంది. చంటిపిల్లతో చెంచులక్ష్మికి తీరిక లేకుండా పోయింది. పెద్దవాడు మెల్లగా శ్రీశైలమ్మ చంకకు చేరాడు. వాడికి ఉన్ని ఉండలు కావాలి, మేకపిల్లలు కావాలి, ఆమె పక్కన పడుకోవడం కావాలి. ఏడాదికొకసారి చూపించమన్న డాక్టరు దగ్గరికీ ఆమే తీసుకుపోయేది.

వాడికి నాలుగో ఏడు నడుస్తుండగా ఒకసారి ఆస్పత్రినుంచి వచ్చి బండి దిగుతుంటే చెంచులక్ష్మి ఎదురొచ్చి చేతులు చాచింది. వాడు మొహం తిప్పుకుని శ్రీశైలమ్మ మెడ గట్టిగా కరుచుకున్నాడు. చెంచులక్ష్మి చేతులు అట్లాగే గాల్లో ఉండిపోయాయి.

“వాణ్ణి కన్నది నేనక్కా” అంది.

ఆ గొంతు ఎక్కడినుంచి వస్తోందో శ్రీశైలమ్మకు తెలుసు. ఎంత లోపలినుంచో, ఎంత వేడిగానో తెలుసు. ఇన్నేళ్ళూ తనొక్కతే మోసిన బరువును ఇంకొకరి మొహంలో చూస్తుంటే కొంచెం హాయిగా ఉన్నమాటా నిజం, భరించలేకపోయిన మాటా నిజం. మెడ చుట్టూ ఉన్న చిన్న చేతులను ఒక్కో వేలూ విడదీసి వాణ్ణి తల్లికి అందించింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆమె వెనక్కి చూడకుండా గొర్రెపిల్లలకు ఆకు వేయడానికి పోయింది. ఆ పూట అన్నం తినలేదు.

మరుసటి ఏడు ఆస్పత్రికి బండి కట్టినప్పుడు చెంచులక్ష్మి చిన్నదాన్ని అవ్వకు అప్పగించి వచ్చి ఎక్కింది. పిల్లవాడు ఇద్దరి మధ్యా కూర్చున్నాడు.

“ఈ తూరి నేను ఎత్తుకుంటా అక్కా” అంది చెంచులక్ష్మి.

“ఎత్తుకో. తిరిగొచ్చేటప్పుడు నా వంతు” అంది శ్రీశైలమ్మ.