గాలి తగ్గేదాకా

పొద్దున్న ఏడున్నర అయ్యేసరికి సూబోక్ జేబులో ఫోను గుర్రుమంటుంది. జిల్లా అటవీ ఆఫీసు నుంచి ప్యో అనే కుర్ర ఆఫీసరు పంపే మెసేజి అది. గాలిలో తేమ ఎంత, గాలి వేగం ఎంత, ఎటు నుంచి ఎటు వీస్తోంది, ఇవాళ కొండల్లో అగ్గి భయం తక్కువా, ఎక్కువా, మరీ ఎక్కువా. అంతే, నాలుగు ముక్కలు. ఫిబ్రవరి మొదలు మే నెల సగం దాకా సూబోక్ బతుకంతా ఆ నాలుగు ముక్కల మీదే నడుస్తుంది. నారింజరంగు కోటు తొడుక్కుని, ఎర్ర మోటారుసైకిలు వెనక జెండా కట్టుకుని, "కొండ దగ్గర నిప్పు ముట్టించకండి" అనే ఆడగొంతు రికార్డును మైకులో మోగించుకుంటూ, సోల్గే ఊరి చుట్టూ ఉన్న నాలుగు కొండలూ తిరగడం అతని ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే పని.

మొదటి మజిలీ మాత్రం కొండ కాదు. వదిన వాకిలి.

"వచ్చాడండీ పెళ్ళికొడుకు, పెళ్ళాన్ని వెంటేసుకుని" అంది ఓక్‌బున్, చీల్చిన చేపల్ని తీగకి తగిలిస్తూ. మైకులోని ఆడగొంతుకి ఆవిడ పెట్టిన పేరది. అరవై ఒక్కేళ్ళొచ్చినా పెళ్ళి మాటెత్తని మరిదికి ప్రభుత్వమే జాలిపడి ఒక పెళ్ళాన్నిచ్చిందనీ, పాపం దానికి ఒక్క మాటే వచ్చనీ ఊరంతా చెప్పి నవ్వించేది.

సూబోక్ మైకు కట్టేశాడు.

"ఇవాళ ఎంతరా గాలి?"

"సెకనుకి పదమూడు మీటర్లు. తేమ ఇరవై రెండు శాతం. భయం మరీ ఎక్కువ."

"నిన్నా అదే చెప్పావు."

"నిన్నా అదే కాబట్టి చెప్పాను వదినా. గాలేమన్నా నా మేనత్త కొడుకా, చెప్తే ఆగడానికి?"

ఓక్‌బున్ నవ్వలేదు. గడప పక్కనున్న మూట వైపు చూసింది. పచ్చని దుప్పటిలో కట్టిన మూట. దాని మీద నీలంరంగు దూది కోటు మడతపెట్టి ఉంది. అన్నయ్య తేక్‌సు బట్టలవి. తేక్‌సు పోయి ఆ రోజుకి నలభై ఒక్క రోజులు.

పోయినవాడు నలభై తొమ్మిదో రోజున ఈ లోకం గడప దాటి వెళ్ళిపోతాడు. ఆ రోజున అతని బట్టలు ఆకాశం కింద కాల్చాలి. కాల్చినవి అతనికి అందుతాయి, అందినవి కట్టుకుని బయల్దేరతాడు. సోల్గేలో తాతల నాటి నుంచీ ఉన్న ఆచారమది. తేక్‌సు యాభై ఏళ్ళు సముద్రం మీద పీతల వలలు వేసిన మనిషే కానీ చలంటే మాత్రం చచ్చేంత భయం. జూన్ నెలలో కూడా రెండు జతల మేజోళ్ళు వేసుకునేవాడు. అటువంటివాడు ఫిబ్రవరిలో, నేల రాయిలా గడ్డకట్టిన రోజుల్లో, పలచటి నార బట్టల్లో మట్టిలోకి వెళ్ళాడు. ఆ ముక్క గుర్తొచ్చినప్పుడల్లా ఓక్‌బున్‌కి నోట్లో అన్నం దిగేది కాదు.

కానీ ఈ తీరంలో వసంతం ఎలాంటిదో కొరియా మొత్తానికీ తెలుసు. తేబెక్ కొండల అవతలి నుంచి పడమటి గాలి దిగుతుంది. దిగేటప్పుడే ఉన్న తడంతా వదిలేసి, ఎండి, వేడెక్కి, సముద్రం వైపు పరుగు తీస్తుంది. ఆరిన పైన్ ఆకుల మీద ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. ఏడేళ్ళ కిందట అలాగే జరిగింది. మధ్యాహ్నం అన్నం వేళకి పక్క ఊళ్ళో పొగ లేచింది. సాయంత్రానికి సోల్గేలో ముప్ఫై ఇళ్ళు లేవు. అన్నా వదినలు కట్టుబట్టలతో పడవెక్కి సముద్రంలోకి పోయి, అక్కడి నుంచి తమ ఇల్లు కాలడం కళ్ళారా చూశారు. అప్పటి నుంచీ ఫిబ్రవరి వచ్చిందంటే కొండకి వంద మీటర్లలోపు ఎవడు నిప్పు పెట్టినా జరిమానా, జైలు.

"పోనీ ఒడ్డున కాలుస్తాను" అంది ఓక్‌బున్.

"ఒడ్డు వెంబడి పైన్ తోపు లేదూ? ఈ గాలికి రవ్వ ఎటు ఎగురుతుందో దేవుడికి కూడా తెలీదు."

"అయితే నువ్వు మీ ఇంటి పొయ్యిలో కాల్చు."

"నా ఇంట్లో పొయ్యెక్కడిది? నీ ఇంట్లోనూ లేదు. ఇళ్ళు పోయాక కట్టిచ్చినవన్నీ కరెంటుతో వేడెక్కే నేలలే కదా."

"ఉన్నా పొయ్యిలో కాల్చనివ్వనులే. గంజి కాచే చోట మొగుడి బట్టలు కాలుస్తారా ఎవరైనా? ఆకాశం కనపడాలి." ఆవిడ మళ్ళీ చేపల వైపు తిరిగింది. "ఇంకా ఎనిమిది రోజులుంది. ఈలోపు తగ్గుతుంది."

తగ్గలేదు. సూబోక్ రోజూ వచ్చాడు, రోజూ అంకెలు చెప్పాడు. పద్నాలుగు మీటర్లు. పదకొండు. మళ్ళీ పదిహేను. తేమ ఇరవై రెండు దాటిన రోజు లేదు. నలభై ఆరో రోజున, మబ్బు పట్టింది చూడు అంది ఓక్‌బున్. అది మబ్బు కాదు, ఎడారి నుంచి వచ్చిన పసుపు ధూళి. ఆ రోజు వదిన వంటగదిలోకి వెళ్ళి లైటరూ, అగ్గిపెట్టే రెండూ జేబులో వేసుకుని వచ్చేశాడు సూబోక్.

"దొంగ వెధవా! అగ్గిపెట్టె లేకుండా అగరొత్తి ఎలా వెలిగించను మీ అన్నకి?"

"నేనొచ్చి వెలిగిస్తాను. రోజూ పొద్దున్న."

"తొమ్మిదేళ్ళ వయసులో ముక్కు కారుతూ నా కొంగు పట్టుకుని తిరిగినవాడివి, ఇవాళ నా మీద కాపలా కాస్తావట్రా?"

ఆ మాట నిజమే. ఓక్‌బున్ ఇరవై ఏళ్ళ పెళ్ళికూతురై ఆ ఇంటికొచ్చేసరికి సూబోక్‌కి తొమ్మిదేళ్ళు, తల్లి లేదు. అప్పటి నుంచి అతను తిన్న ప్రతి ముద్దా ఆవిడ చేతిదే. ఇప్పటికీ రాత్రి భోజనం అక్కడే. అలాంటి మనిషిని దొంగలా కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చింది సూబోక్‌కి.

నలభై తొమ్మిదో రోజు సరిగ్గా హన్‌షిక్ పండుగ నాడే పడింది. వేరే రోజులు లేనట్టు! ఆ రోజు అందరూ పెద్దల సమాధుల దగ్గరికి వస్తారు, గడ్డి కోస్తారు, మొక్కలు నాటుతారు, మక్కోల్లి అనే బియ్యపు కల్లు పోసి మొక్కుతారు. సూబోక్‌లాంటి వాళ్ళకి ఏడాది మొత్తంలో అంత నరకం ఇంకోటి లేదు. పైగా ప్యో మెసేజికి ఆ రోజు ఎర్రరంగు పూసి పంపాడు. తేమ పదహారు, గాలి ఇరవై రెండు.

"ఈ రోజు పొయ్యి వెలిగించకుండా చల్లన్నం తినాలని పాత ఆచారం వదినా. నిప్పు ముట్టుకోకూడని రోజు. అన్నయ్య అర్థం చేసుకుంటాడు" అన్నాడు సూబోక్ పొద్దున్నే.

"నువ్వు పొద్దున్న ఏం తిన్నావు?"

"నూడుల్స్."

"వేడివేనా?"

సూబోక్ మైకు తీగ సర్దుకున్నాడు.

"వెళ్ళు, వెళ్ళు. నీ కొండలు చూసుకో. నేనేం చెయ్యను" అంది ఓక్‌బున్. అంత తేలిగ్గా ఒప్పుకోవడమే అతనికి అనుమానం పుట్టించింది. కానీ అప్పటికే రెండో కొండ మీద ఎవరో సిగరెట్ కాలుస్తున్నారని ఆఫీసు రేడియోలో కబురొచ్చింది. మోటారుసైకిలు ఎక్కక తప్పలేదు.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. వాకిట్లో వదిన లేదు. తీగ మీద చేపలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. గడప పక్కన మూట లేదు.

సూబోక్ మళ్ళీ బండెక్కాడు. ఎలా నడిపాడో, ఎక్కడ మలుపు తిప్పాడో తెలీదు. అన్నయ్య సమాధి మూడో కొండ వాలులో ఉంది. బాట సగానికి ముగిసింది, బండి అక్కడే పడేసి పరుగు తీశాడు. గాలి నెత్తి మీది టోపీ ఎత్తుకుపోయింది. కళ్ళు పొగ కోసం వెతుకుతున్నాయి. పొగ లేదు. ఇంకా లేదు.

ఓక్‌బున్ సమాధి ముందు కూర్చుని ఉంది. మూట ఒళ్ళో ఉంది. కుడిచేతి గుప్పిట్లో కొత్త అగ్గిపెట్టె.

"నీకేమన్నా మతి పోయిందా?" అని అరిచాడు సూబోక్. యాభై రెండేళ్ళలో వదిన మీద గొంతెత్తడం అదే మొదలు. "ఊరు మొత్తం తగలెట్టేద్దామనా? ఏడేళ్ళ కిందటిది చాల్లేదా నీకు?"

ఓక్‌బున్ తలెత్తి చూసింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"గియ్యలేదురా" అంది. "మూడుసార్లు పుల్ల తీశాను. మూడుసార్లూ లోపల పెట్టేశాను. చూడు, ఈ మొక్కలన్నీ ఆయన నాటినవే."

సమాధి చుట్టూ మోకాలెత్తు పైన్ మొక్కలు గాలికి ఊగుతున్నాయి. ఆ మంటల మరుసటేడు, బోడిగా మిగిలిన ఆ వాలు మీద ఊరివాళ్ళు మొక్కలు నాటారు. తేక్‌సు నడుం నొప్పితో మూలుగుతూనే ఈ వరసలన్నీ తనే నాటాడు, రెండు కోట్లు వేసుకుని.

"పుల్ల గీస్తే ముందు ఇవే పోతాయి. గియ్యకపోతే ఆయన ఇవాళ ఆ పలచటి గుడ్డల్లోనే బయల్దేరతాడు. ఏం చెయ్యమంటావురా నన్ను? చెప్పు. రోజూ పొద్దున్నే వచ్చి అంకెలు చెప్తావుగా, ఇదీ చెప్పు!"

సూబోక్ కోపమంతా ఎటు పోయిందో పోయింది. వదిన పక్కన గడ్డి మీద చతికిలబడ్డాడు. తేమ పదహారు, గాలి ఇరవై రెండు. అతని దగ్గర అదొక్కటే ఉంది. చిన్నప్పుడు తనకి జ్వరమొస్తే అన్నయ్య తన స్వెట్టరు విప్పి కప్పడం గుర్తొచ్చింది. బూడిదరంగు స్వెట్టరు, వదిన అల్లింది. అది ఆ మంటల్లో పోయింది.

సూబోక్ ఉన్నట్టుండి తల తిప్పాడు.

"వదినా. ఆ బూడిదరంగు స్వెట్టరేమైంది?"

"ఏం ప్రశ్నరా అది? ఇంటితో పాటే కాలిపోయింది."

"ఆకాశం కిందే కదా కాలింది?"

"ఇంటికి కప్పు కూలిపోయాక ఇంకేముంది, ఆకాశమే."

"మరి కాలినవి అందుతాయన్నావుగా. ఆ స్వెట్టరు ఏడేళ్ళ కిందటే అక్కడికి చేరి ఉండాలి కదా. అన్నయ్య కోసం చూస్తూ."

ఓక్‌బున్ ఒళ్ళోని మూట వైపు చూసింది.

"పెళ్ళి సూటు" అంది చివరికి, మెల్లిగా.

"అదీ ఉంటుంది."

"నల్లది. దానికి చొక్కా కూడా ఉంది, తెల్లది, రెండుసార్లే వేసుకున్నాడు." ఆవిడ వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. "గొర్రెబొచ్చు టోపీ. మీ నాన్న కోటు. నేను అల్లిన మేజోళ్ళు పెట్టె నిండా ఉండేవి, ఎన్ని జతలనుకున్నావు! అమ్మో, ఆ పెట్టె పోయిందని నేను ఎంత ఏడ్చానురా, సంవత్సరం పాటు ఏడ్చాను..."

ఏడుస్తూనే నవ్వేసింది. సూబోక్‌కీ నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

"అన్నయ్యకి అక్కడ బీరువా నిండా బట్టలున్నాయి వదినా. ఏం కట్టుకోవాలో తెలీక తంటాలు పడుతుంటాడు. ఈ మూట ఓ పది రోజులు ఆలస్యమైతే ఏం కొంప మునగదు. గాలి తగ్గేదాకా ఆగుదాం."

ఓక్‌బున్ గుప్పిట విప్పి అగ్గిపెట్టె అతని చేతిలో పెట్టింది. చెమటకి తడిసి పెట్టె మెత్తబడి ఉంది. సీసాలో తెచ్చిన మక్కోల్లి మట్టి మీద పోసి, "సూటు వేసుకునేటప్పుడు లోపల స్వెట్టరు వేసుకో. సోకులకి పోయి ఊరికే వణక్కు" అని మొగుడికి చెప్పి లేచింది.

తరువాత కూడా గాలి తగ్గడానికి తీరిగ్గా తొమ్మిది రోజులు పట్టింది. సూబోక్ రోజూ వెళ్ళాడు, అంకెలు చెప్పాడు, అగరొత్తి వెలిగించాడు. ఓక్‌బున్ మూటని రోజూ ఒకసారి విప్పి ఎండలో వేసి మళ్ళీ కట్టేది. పదో రోజు పొద్దున్న ఫోను గుర్రుమనకముందే అతనికి తెలివొచ్చింది. చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. తేమ తొంభై ఒకటి, గాలి రెండు, అగ్గి భయం తక్కువ. ఆ ఏడాది ఆ మాట రావడం అదే మొదటిసారి. సూబోక్ ఆ మెసేజిని వదినకి చదివి వినిపించలేదు, ఫోనే చేతికిచ్చాడు.

ఇద్దరూ ఒడ్డుకి వెళ్ళారు. పైన్ తోపుకి దూరంగా, అల వచ్చి ఆగే చోటికి కాస్త ఇవతల, తడి ఇసుకలో గుంట తీశాడు సూబోక్. పక్కన బకెట్టు నిండా నీళ్ళు పెట్టాడు. ఆఫీసులో అడగలేదు. అడిగితే ప్యో కాదనాల్సి వస్తుందని, అతన్ని ఆ ఇరకాటంలో పెట్టడం ఇష్టంలేక అడగలేదు. పదకొండేళ్ళలో ఆఫీసుకి తెలియకుండా చేసిన పని అదొక్కటే, లోపల కొంచెం బెదురుగానే ఉంది.

పుల్ల గీశాడు. ఆరిపోయింది. ఇంకోటి గీశాడు, అదీ ఆరింది. వాన సన్నగానే ఉన్నా విడవడం లేదు. ఏడో పుల్లకి చొక్కా చేతి అంచు కాస్త అంటుకుని, తుస్సుమని పొగ వదిలింది.

"ఇన్నాళ్ళూ అంటుకుంటుందని చంపావు, ఇప్పుడు అంటించడం చేతకాదా?" అంది ఓక్‌బున్.

"అంటించడం నా ఉద్యోగం కాదు వదినా, ఆర్పడమే నేర్చుకున్నాను."

బోర్లా పడుకుని ఊదాడు. ఇసుక నోట్లోకి పోయింది. గొడుగు తెరిచి మంట మీద పట్టాడు. వదిన గొడుగు కూడా తెచ్చి కలిపింది. రెండు గొడుగుల కింద నిప్పు, గొడుగుల బయట వాళ్ళిద్దరూ. నిప్పు మెల్లగా చొక్కా ఎక్కింది, ప్యాంటు ఎక్కింది. చివర్న నీలం కోటు. ఓక్‌బున్ దాని గుండీలన్నీ పెట్టి, మెడ దగ్గర పైకి లేపి సరిచేసి, రెండు చేతులతో మంట మీద పెట్టింది. తెల్లని పొగ లావుగా లేచి, గొడుగుల అంచులు దాటి నిటారుగా పైకి పోయింది.

నడుముకున్న రేడియో గరగరలాడింది.

"సూబోక్ అన్నా, నేను ప్యోని. ఒడ్డున పొగ కనిపిస్తోందని కొండ మీద నుంచి చెప్తున్నారు. నీ హద్దులోదే. ఏంటది?"

సూబోక్ వదిన వైపు చూశాడు. ఆవిడ వినడం లేదు. మంటలోకే చూస్తూ పెదాలు కదిలిస్తోంది, మేజోళ్ళ సంగతేదో చెబుతున్నట్టుంది.

"నేనే, ప్యో. నేనే పెట్టాను. మా అన్నయ్య బట్టలు... నలభై తొమ్మిదో రోజు గాలికి కుదరలేదు. వానలోనే ఉన్నాను. పక్కనే బకెట్టు ఉంది."

రేడియో గరగరలాడుతూనే ఉంది. జరిమానా రాస్తాడా, ఉద్యోగం పోతుందా, పోతే పోనీ అనుకున్నాడు సూబోక్.

"వాన పెద్దదయ్యేలా ఉంది అన్నా" అంది ప్యో గొంతు. "ఆరిపోకుండా చూసుకో."

సూబోక్ "ఊఁ" అన్నాడు. తన వైపున్న గొడుగు అంచుని కూడా మంట వైపే జరిపి పట్టుకున్నాడు.