మిషన్ చుట్టూ నీళ్లు

నగరంలో గాలి బాగుపడాలంటే చెత్త తగలబెట్టడం ఆపించాలి, ఇటుక బట్టీలు మూయించాలి, పాత లారీలను తప్పించాలి. అంత చాకిరీ ఎవరు చేస్తారని పెద్దింజనీరుగారు ఒక్క ట్యాంకర్‌తో పని కానిచ్చేశారు. గాలిలో సన్నధూళిని కొలిచే మిషన్ ఒక ఆఫీసు మేడ మీద ఉంది. ఆ వీధిలో బళ్లు రానివ్వకుండా, పొద్దస్తమానం నీళ్లు చల్లించారు. ఊరంతా పొగ మింగుతున్నా మిషన్ ముక్కుకు మాత్రం ఏ లోటూ రాలేదు.

ఈ నీళ్ల సేవను దగ్గరుండి జరిపించింది గాలి విభాగం సూపర్‌వైజరు. "మనం అంకెలేం మార్చట్లేదు కదయ్యా, మిషన్ చూసిందే చెబుతోంది," అని పెద్దింజనీరు అంటే, ఊరి చెవిలో పువ్వు పెట్టడానికి తానూ ఓ చెయ్యి వేశాడు. కూడలిలో గాలి ఎలా ఉందో రంగుల్లో చూపే బోర్డు ఎరుపు నుంచి పసుపుకి, పసుపు నుంచి ఆకుపచ్చకి దిగింది. పెద్దింజనీరుకు పతకం వచ్చింది, సూపర్‌వైజరుకు పెద్ద కుర్చీ వచ్చింది.

ఆ వారంలోనే సూపర్‌వైజరుకు భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, గాలి బాగుందని ఇవాళ బళ్లో పరుగు పందెం పెట్టారట. అమ్మాయికి రాత్రి నుంచీ ఆయాసంగానే ఉంది. వద్దంటే వినకుండా వెళ్లింది. మీరు వెళ్లి ఆపండి."

అతను ఉన్నపళంగా పరిగెత్తాడు. మైదానంలో ఈ చివర నిలబడితే ఆ చివరి గోడ కనపడటం లేదు.

"మాస్టారూ, మా అమ్మాయికి ఉబ్బసం. ఈ గాలిలో పరిగెత్తించకండి," అన్నాడు.

"గాలికేమైందండీ? మీ బోర్డు ఆకుపచ్చగా ఉందనే కదా పందెం పెట్టాం," అన్నాడు డ్రిల్లు మాస్టారు. "బోర్డు తప్పయితే చెప్పండి, ఇప్పుడే అందర్నీ ఆపేస్తాను."

గీత మీద పిల్లలు వరసగా వంగి ఉన్నారు. ఒక్క మాట అంటే చాలు. అతనికి సిగ్గేసింది, నిజమే. కానీ సిగ్గుకంటే కుర్చీ బరువైనది.

"బోర్డు తప్పెందుకవుతుందండీ. దీనికి జ్వరం, అంతే," అని కూతురి చెయ్యి పట్టుకుని గేటు దాటించాడు. వెనకాల ఈల మోగింది.

"నాకు జ్వరం లేదుగా నాన్నా," అంది కూతురు.

"గాలి బాలేదమ్మా."

"మరి వాళ్లకెందుకు చెప్పలేదు?"

అతను రుమాలు తీసి కూతురి ముక్కూ నోరూ కలిపి గట్టిగా కట్టాడు.

"మాట్లాడకమ్మా, ఆయాసం వస్తుంది," అన్నాడు.