మేడమీద రాలిన దుమ్ము

ఆఫీసు మూడో అంతస్తు దాటాక ఇనుప నిచ్చెన. దాని కింద నిమిషంసేపు నిలబడి ఊపిరి తీసుకుని, బూడిదమ్మ డాబా ఎక్కింది. చట్రానికి బిగించిన జిగురు కాగితాన్ని పట్టకారుతో ఊడదీసి కొత్తది పెట్టింది. ఎక్కడో సముద్రాల అవతల నేలమీద అణుబాంబు పేల్చి చూస్తారు. ఆ మట్టి మబ్బుల్లోకి లేచి, గాలివాటున తిరిగి తిరిగి, ఈ కాగితం మీద రాలుతుంది. దాన్ని కాల్చి, ఆ బూడిదను అణుకిరణాలు లెక్కించే యంత్రం కింద పెట్టడం ఆమె పని. ముప్ఫై ఏళ్లుగా అదే. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

రోజూ కారే కుళాయిలా టక్కు టక్కుమనే యంత్రం ఇవాళ పెనం మీద ఆవాల్లా చిటపటలాడింది. తెల్లవారుజామున వాన పడింది. మూడుసార్లు చూసింది. మధ్యాహ్నం మళ్లీ పెడితే అంకె బాగా దిగింది. అంత త్వరగా చల్లారేది కొత్తగా పేలిన బాంబు దుమ్మే. ఇవాళ గడ్డి మీద ఉంటే, రేపు పాలలో ఉంటుంది.

అధికారి కాగితం చూసి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"పైకి పంపుతాను. ఆర్డరు వచ్చేదాకా బయట అనకు. జనం బెంబేలెత్తిపోతారు."

"ఎప్పుడొస్తుందండీ?"

"వారం పట్టొచ్చు."

"ఈలోగా పిల్లలు తాగేస్తారు కదండీ."

"నీకెందుకమ్మా? నీ బూడిదేదో నువ్వు చూసుకో."

పూర్వం ఒకసారి ఇలాంటి అంకే వస్తే, అప్పటి అధికారీ ఇదే మాట అన్నాడు. ఆమె నోరు మూసుకుంది. ఆ వారం పాలు తన కొడుక్కీ పోసింది. ఇప్పుడు వాడి మెడ మీద థైరాయిడ్ ఆపరేషను గాటు ఉంది. ఆ పాలవల్లేనని ఏ డాక్టరూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

పని దిగి, పాల క్యాను పట్టుకుని నేరుగా పాలకేంద్రానికి నడిచింది. సంగతి విని పాలాయన నవ్వాడు. "నీ మాట వింటే నా వ్యాపారం బూడిదే!"

ఆమె నవ్వలేదు. "పారబొయ్యక్కర్లేదయ్యా. పొడి చేయించి రెండు నెలలు దాచు. ఎనిమిది రోజులకోసారి ఆ విషం సగం చచ్చిపోతుంది. పసిపిల్లలకి మాత్రం పాత పాలపొడి డబ్బాలే ఇవ్వు."

"ఆర్డరుందా?"

"లేదు. తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. అయినా చెప్తున్నా."

ఇన్నేళ్లలో ఆమె ఇంత పొడుగు మాట ఆడగా అతను వినలేదు. లేచి సుద్దముక్క వెతుక్కున్నాడు.

ఇంటికొచ్చి కోడలితో, "రేపట్నుంచి పాపకి డబ్బా పాలే పట్టు. నేను కాస్త నడుం వాలుస్తా," అంది.

"కాళ్లు పట్టనా అత్తయ్యా?"

"వద్దులే. ఇవాళ అంత పీకట్లేదు."

దీపాలు పెట్టే వేళకు కోడలు టీ తెచ్చి పిలిచింది. పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

మర్నాడు పాలకేంద్రం తలుపు మీద సుద్ద రాత: "పసిపిల్లలకు తాజా పాలు ఇవ్వం." తల్లులు సణుగుతూనే పొడి డబ్బాలు పట్టుకెళ్లారు. బూడిదమ్మ పోయిన కబురు అప్పుడే తెలిసిన పాలాయన, బల్ల చివర నిన్న ఆమె మరిచిపోయిన చిన్న స్టీలు క్యానును కడిగి, తుడిచి, బోర్లించాడు. దాని అడుగున గోరంత సొట్ట ఉంది.