అంచు పూతమ్మది

పూతమ్మ సంచి సర్దుతోంది. ఇది మూడోసారి.

మొదటిసారి కుంచెలు పైన పెట్టింది. బస్సు కుదుపుకి వెంట్రుకలు వంగిపోతాయేమోనని వాటిని తీసి, పాత చీరముక్కలో చుట్టి మధ్యలో దాచింది. రెండోసారి టర్పెంటైన్ సీసా మూత వదులుగా ఉందేమోనని అన్నీ బయటికి లాగింది. మూడోసారికి రెండు చీరలు, దుప్పటి, బీపీ మాత్రలు, పిన్నీసులు, సూదీ దారం, ఒక కొవ్వొత్తి కూడా వచ్చి చేరాయి.

"అత్తా, మనం వెళ్ళేది రెండు రోజుల పనికా, రెండేళ్ళ కాపురానికా?" అంది మేనకోడలు గుమ్మంలో నిలబడి.

"నీకేం తెలుసే! ఏది మరిచిపోతే అదే కావాల్సొస్తుంది."

"కొవ్వొత్తి ఎందుకు?"

"కరెంటు పోతే?"

"ఫోన్లో లైటుంది కదా."

"ఆ ఫోనూ పోతే?"

మేనకోడలు దండం పెట్టేసి లోపలికి వెళ్ళింది. ఇంట్లోంచి బయల్దేరిన ప్రతివాళ్ళ సంచీ ఇన్నేళ్ళూ పూతమ్మే సర్దింది. తన కోసం సర్దుకోవడం మాత్రం ఇదే మొదలు. అందుకే చేతులకి అది ఒక పట్టాన అలవడటం లేదు.

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా లేదు. అన్న లారీల మీద అక్షరాలు రాసేవాడు. ముందు సుద్దదారం కొట్టి తిన్నగా గీత వేసుకునేవాడు. దాని మీద ఇనుప మేకుతో అక్షరం ఆకారం చెక్కకి సన్నగా గీసేవాడు. ఆ గీతల మధ్య రంగు నింపడం చెల్లెలి పని. "గీసేది నేను, పూసేది మా పూతమ్మ" అని అన్న పదిమందిలో చెప్పిన మాటే పేరైపోయింది. బడి మొహం చూడని పూతమ్మ ఆ నింపడంలోనే అక్షరాలు నేర్చుకుంది. నింపినది ఏమిటని రోజూ అన్నని అడిగేది. పాలబండి మీద 'పాలు' అని తనంతట తాను చదివిన రోజున సాయంత్రం దాకా దారిలో కనిపించిన ప్రతి బండినీ ఆపినంత పనిచేసింది. ఇప్పుడు డెబ్బై దాటాక కూడా పొట్లం కట్టిన కాగితం విప్పితే, చివరి ముక్క దాకా చదివిగానీ పారెయ్యదు.

ఆ తర్వాత స్టిక్కర్ మిషన్లు వచ్చాయి. కుంచెలు మూలపడ్డాయి. ఎక్కడో దూరాన ఓడరేవులో పడవల మీద ఇంకా చేత్తోనే పేర్లు రాయిస్తున్నారని ఎవరో చెబితే అన్న అక్కడికి వెళ్ళాడు. తల్లిలేని ఆరేళ్ళ కూతుర్ని చెల్లెలి చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆ పిల్లే ఈ మేనకోడలు. ఇప్పుడు బస్టాండు ఎదురుగా స్టిక్కర్ల దుకాణం నడుపుతోంది. "మా నాన్న నోటి దగ్గర కూడు లాక్కున్న మిషనే నాకు కూడు పెడుతోంది" అని నవ్వుతూనే చెబుతుంది గానీ, ఆ నవ్వు కళ్ళ దాకా వెళ్ళదు.

పది రోజుల కిందట ఆ దుకాణానికే ఫోన్ వచ్చింది. చేసింది ముసలి డ్రైవరు. నలభై ఏళ్ళ కిందట అన్న చేత లారీ మీద అక్షరాలు రాయించుకున్న మనిషి. ఎప్పుడో అమ్మేసిన ఆ లారీని తుక్కు కొట్లో వెతికి పట్టుకుని, ఉన్న డబ్బంతా పోసి మళ్ళీ నిలబెట్టాడట. ఆదివారం పొద్దున పాత బండ్ల ప్రదర్శనకి తనే తోలుకుపోతాడట.

"వెనక తలుపు మీద 'వెళ్ళొస్తా' అని ఉండేది, గుర్తుందా చెల్లెమ్మా? అది స్టిక్కరైతే నాకొద్దు. చేత్తో రాయాలి. మీ అన్న చెయ్యి నీకొచ్చిందిగా?"

"రాకేం!" అంది పూతమ్మ.

ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆమెకే తెలియదు. ఆమె జన్మలో ఒక్క అక్షరం గీసి ఎరగదు. ఎవరో గీసిన దాన్ని నింపడమే గానీ, ఖాళీ పలక మీద మొదటి గీత పెట్టింది లేదు.

ఆ సంగతి మేనకోడలికీ తెలుసు. అందుకే శుక్రవారం బస్సెక్కేటప్పుడు తన సంచిలో ఒక గొట్టం పెట్టుకుంది.

"అదేంటే?"

"స్టిక్కరు. కట్ చేసి ఉంచాను. నీ మాట పోకూడదు కదా. నీ చెయ్యి ఆడకపోతే, శనివారం సాయంత్రం గప్‌చుప్‌గా అంటించేసి వచ్చేద్దాం. ముసలాయనకి చూపు ఆనదు."

"ఆనకపోతే లారీ ఎలా తోలతాడే?" అని పూతమ్మ కొత్త భయం ఒకటి పట్టుకుంది. దారంతా దాంతోనే సరిపోయింది.

షెడ్డులో లారీ కొత్త పెళ్ళికూతురిలా నిలబడి ఉంది. ముక్కు గుండ్రంగా ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలం బండి. ఒళ్ళంతా ముదురాకుపచ్చ. వెనక తలుపు మీద మొహం చూసుకోవచ్చు. రంగు కొట్టిన మేస్త్రి దాన్ని గుడ్డతో ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

పూతమ్మ వేలితో తలుపు మీద రాసి, వేలు వాసన చూసింది. "మైనం పూశావా నాయనా?"

"రెండుసార్లు పూశా పెద్దమ్మా! అద్దంలా లేదూ?"

"ఉంది. అద్దం మీద ఎనామిల్ ఎక్కడ నిలుస్తుంది? ముత్యాల్లా విడిపోయి జారిపోదూ?"

ఆమె సుద్దపొడి తడిగుడ్డకి అద్దుకుని తలుపంతా రుద్దింది. మెరుపు చచ్చి పలక బోసిపోయింది. మేస్త్రి గుండె పట్టుకున్నాడు. "రెండు రోజుల కష్టం పెద్దమ్మా!"

"ఏడవకు. నేను రాశాక, పది రోజులు ఆరాక మళ్ళీ పూసుకుందువుగాని."

ముసలి డ్రైవరు కుర్చీలోంచి పకపకా నవ్వాడు. "చూశావట్రా! అచ్చం వాళ్ళ అన్నే. బండి ఎవరిదైనా పెత్తనం వాళ్ళది."

అచ్చం వాళ్ళ అన్నే అన్న మాట పూతమ్మకి ముల్లులా గుచ్చుకుంది. సుద్దదారం కొట్టింది. అంతవరకూ చెయ్యి బాగానే ఆడింది. తర్వాత సుద్దముక్క పట్టుకుని 'వె' గీయబోయింది. తలుపుకి అడ్డంగా పట్టుకున్న చేతికర్ర మీద మణికట్టు ఆనించినా గీత వణికింది. తుడిచేసింది. మళ్ళీ గీసింది. అది అక్షరంలా లేదు, అక్షరానికి కట్టిన కంచెలా ఉంది. 'ళ్ళొ' దగ్గరికి వచ్చేసరికి మరీ ఘోరం. పైన ఒత్వం, కింద ఒత్తు, మధ్యలో పొట్ట దేనికది విడిగా నిలబడి, మాటలు లేని చుట్టాల్లా ఉన్నాయి. చీకటి పడేదాకా గీయడం, తుడవడం.

శనివారం పొద్దున కూడా అదే వరస. పదిగంటలకి మేనకోడలు పక్కన కూర్చుంది.

"అత్తా, బాధపడకు. నువ్వు నింపడంలో మొనగత్తెవి. గీయడం వేరే విద్య. ఈ స్టిక్కరు తలుపు మీద పెట్టి అంచు గీసుకో. దాన్ని నింపెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"నీ పంతం నీదేగానీ సాయంత్రానికి ఆరాలి కదా!"

అదీ నిజమే. పూతమ్మ లేచి, చేతులు కడుక్కోవడానికి షెడ్డు వెనక కుళాయి దగ్గరికి వెళ్ళింది. అక్కడ గోడకి చేరేసి రెండు పాత పలకలున్నాయి. లారీ నుంచి ఊడదీసిన పాత చెక్కలు. రంగు ఎప్పుడో రాలిపోయింది. కానీ రంగున్నంత కాలం దాని కింద చెక్క ఎండకీ వానకీ అరగలేదు. అందువల్ల అక్షరాలు వెంట్రుకవాసి పైకి లేచి ఉన్నాయి. కంటికి ఆనలేదు గానీ తడిచెయ్యి పెట్టగానే వేళ్ళకి తగిలాయి. రెండిటి మీదా అదే మాట. వెళ్ళొస్తా.

ఒకటి లారీ కొన్న ఏడు రాసిన పక్క పలక. రెండోది చాలా ఏళ్ళ తర్వాత, అన్న వెళ్ళిపోయే ముందు నెలలో రాసిన వెనక పలక. దీనికి ఒక మూల విరిగింది. ఆ విరుగు పూతమ్మకి బాగా గుర్తు.

ఆమె మొదటి పలక మీద చెయ్యి వేసి 'ళ' పొట్ట చుట్టూ తిప్పింది. లేచి ఉన్న అంచు ఒకచోట ఉంది. అన్న మేకుతో గీసిన గాడి ఇంకోచోట ఉంది. గాడి అంచుకి అగ్గిపుల్ల మందమంత లోపలివైపు ఉంది.

పూతమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు గుర్తొచ్చింది. అన్న గీసిన ఆ పొట్ట ఆకలితో ఉన్నట్టు లోపలికి పీక్కుపోయి కనిపించింది. చూడలేక, అన్న టీ తాగడానికి వెళ్ళినప్పుడు, గీత దాటి కాస్త బయటికి గుండ్రంగా నింపేసింది. తిడతాడని రెండు రోజులు బిక్కుబిక్కుమంటూ తిరిగింది. అన్న ఏమీ అనలేదు. చూడలేదనుకుని ఊపిరి పీల్చుకుంది. తర్వాత ప్రతి లారీకీ ఎక్కడో ఒకచోట అదే పని చేసింది.

రెండో పలక మీద చెయ్యి పెట్టింది. గాడి కోసం అంచుల వెంట వెతికింది. లేదు. మళ్ళీ వెతికింది. చివరికి అక్షరం మధ్యలో దొరికింది, ఒకే ఒక్క గీత. 'వె' నడుమ ఒక వంపు, 'ళ' నడుమ ఒక సున్నా. అంతే. చుట్టూ ఆకారం గీయనే లేదు. అక్షరం ఎటు నడవాలో మాత్రం చెప్పి వదిలేశాడు.

అప్పట్లో అన్నని ఆమే దెప్పింది. "సగం సగం గీసి పారేస్తున్నావు. ఒళ్ళొంగడం లేదా?" అంటే, "నీకు చాలులేవే" అన్నాడు. బద్ధకం అనుకుంది. కళ్ళు తగ్గాయేమో, చెప్పుకోలేక దాస్తున్నాడేమోనని భయపడి, ఆకుకూరలు వండిపెట్టింది కూడా.

అన్న చూశాడు. మొదటి పొట్ట దగ్గరే చూశాడు. చూసి, ఒక్కో లారీకీ ఒక్కో గీత తగ్గించుకుంటూ వచ్చాడు.

పూతమ్మ చెయ్యి తుడుచుకోకుండానే వచ్చింది. సుద్దముక్క తీసుకుని తలుపు మీద ఐదు క్షణాల్లో నాలుగు వంపులు లాగింది, నడుమ గీతలు మాత్రమే. చేతికర్ర ఆనించి, నాలుగో నంబరు కుంచె పసుపురంగులో ముంచింది.

"అత్తా! చుట్టూ గీయలేదు!" అంది మేనకోడలు కంగారుగా.

"అక్కర్లేదే. మీ నాన్న కూడా గియ్యలేదు."

"మరి అంచు తిన్నగా ఎలా వస్తుంది?"

"అంచు ఎప్పుడూ నాదే. ఇవాళే తెలిసింది."

కుంచె పలకని తాకగానే చేతిలో వణుకు ఎటుపోయిందో పోయింది. ఖాళీలో గీత గీయడానికి వణికిన చెయ్యి, రంగుతో అక్షరాన్ని లోపలి నుంచి బయటికి పెంచుకుంటూ పోవడానికి వణకలేదు. నలభై ఏళ్ళు చేసిన పని అది. 'ళ' పొట్ట దగ్గర తనకి నచ్చినంత గుండ్రంగా తిప్పింది. ఎత్వం, ఒత్వం, దీర్ఘం చివర్లో, ఒక్కోటి ఒక్క విసురుతో పెట్టింది. మేనకోడలు దగ్గరికి జరిగి చూసింది. మేస్త్రి గుడ్డ కింద పడేశాడు.

నాలుగైంది. ముసలి డ్రైవరు కర్ర పట్టుకుని వచ్చి, పది అడుగుల దూరంలో నిలబడి చూశాడు. తర్వాత దగ్గరికొచ్చి చూశాడు.

"ఇది మీ అన్న అక్షరమే చెల్లెమ్మా."

"కాదన్నా. ఇది నా అక్షరం. మీ లారీ మీద అప్పుడున్నదీ నాదే," అంది పూతమ్మ. ఇంత గట్టిగా తన గొంతు తాను ఎప్పుడూ వినలేదు. "మా అన్న నాకు దారి గీసేవాడు."

మేనకోడలు మెల్లగా లేచి, సంచిలోంచి గొట్టం తీసి, అందులోని స్టిక్కరు మేస్త్రికి ఇచ్చింది. "ఇది తీసుకో. నీ సైకిలుకి అంటించుకో."

"నా సైకిలుకి ఇంత పొడుగు మాట ఎక్కడ పడుతుందమ్మా!"

అందరూ నవ్వారు. రాసినవాళ్ళు తలుపు కింది మూలలో పేరు వేసుకోవడం ఆ పనిలో అలవాటు. అన్న వేసేవాడు. పూతమ్మ సన్న కుంచె తీసుకుంది. 'పూతమ్మ' అని రాసింది, దారం కూడా కొట్టకుండా. మేనకోడలు ఆ మూలని ఫోన్లో నాలుగు ఫోటోలు తీసింది. తర్వాత, "అత్తా, సోమవారం నుంచి నాకు నేర్పు. ముందు నింపడమే నేర్పు" అంది.

"గీత దాటితే తంతాను," అంది పూతమ్మ. కాస్త ఆగి, "మొదట్లో" అని కలిపింది.

ఆదివారం తెల్లవారి డ్రైవరు లారీ ఎక్కాడు. పూతమ్మ అతని కళ్ళజోడు ఉందా, నీళ్ళున్నాయా, బ్రేకులు చూశారా అని మూడుసార్లు అడిగి, చివరికి కొవ్వొత్తి అతని చేతిలో పెట్టింది. లారీ మలుపు తిరిగేదాకా పసుపు అక్షరాలు ఎండలో కనిపించాయి. మలుపు దాటాక కూడా ఆమె అటే చూస్తూ నిలబడింది, ఎవరికి కనిపించినా సరే అన్నట్టు తలెత్తుకుని.

డ్రైవరు బుధవారం సాయంత్రం తిరిగొచ్చాడు. అక్షరాల మీద గీత పడలేదు. కొవ్వొత్తి కూడా భద్రంగా మేనకోడలి దుకాణానికి తెచ్చి ఇచ్చాడు.

అన్న వెళ్ళింది ఇరవై నాలుగేళ్ళ కిందట, వానలు తగ్గిన నెలలో, ఒక సోమవారం, పొద్దున ఆరుగంటల బస్సుకి. సంచి పూతమ్మే సర్దింది. తిరిగి రాలేదు.