తుప్పు కింద మందు

నేను ఒక నాటు తుపాకి గొట్టాన్ని. తుపాకి మొత్తాన్నీ అనడం లేదు, గొట్టాన్ని మాత్రమే. చెక్క పిడి గొడవలు చెక్క పిడివి, మీట గొడవలు మీటవి. అవి నన్ను ఎన్నడూ ఆదుకున్న పాపాన పోలేదు కాబట్టి వాటి ఊసు నేనెత్తను. నాకు ఒకవైపు నోరు, రెండోవైపు మర బిగించిన మూత. మందు పోసేది ఆ నోట్లోంచే, గుండ్లు పోసేది ఆ నోట్లోంచే, పేల్చినప్పుడు అవన్నీ బయటికి పోవలసిందీ ఆ నోట్లోంచే. వేరే దారి లేదు. ఇప్పుడు పోలీసు స్టేషను వెనక గదిలో తాళం వేసిన తలుపు చాటున పడి ఉన్నాను గానీ, దీన్ని నేను చెర అనుకోను. అంతకుముందు ఇరవై ఏళ్ళకు పైగా నోట్లో పెట్టింది మింగలేక కక్కలేక బతికాను చూడండి, చెర అంటే అదీ.

హిందూపురం పక్క ఒక పనివాడు నన్ను సాగగొట్టి, నునుపు చేసి, నూనె రాసి అమ్మాడు. కొన్నవాడు గంగులప్ప. కల్యాణదుర్గం అవతల మెట్టచేలో వేరుశెనగ వేసుకునే రైతు. అడవిపందుల బెడద పడలేక, పంట కాపలాకని లైసెన్సు రాయించుకుని మరీ నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు. నన్ను భుజాన వేసుకుని ఊళ్ళో అడుగుపెట్టిన రోజున ఆయన నడకే మారిపోయింది. అప్పటిదాకా లేని మీసం ఆ నెలలోనే మొలిచింది. గొట్టం నేను, పొగరు ఆయనది. మనుషులకు ఇదేం జబ్బో నాకు ఇప్పటికీ తెలియదు.

అయినా చెడ్డవాడు కాడు. సాయంత్రం కాగానే మంచె ఎక్కి, ముందు మందు, దాని మీద కొబ్బరిపీచు, ఆపైన సీసపు గుండ్లు పోసి, పొడవాటి ఇనుప కడ్డీతో దట్టించేవాడు. వెనక ఉన్న సన్న రంధ్రం మీద, దెబ్బ తగిలితే నిప్పు రాల్చే కేపు పెట్టి కూర్చునేవాడు. పంది వస్తే పేల్చేవాడు. ఎక్కువసార్లు గురి తప్పేది. మర్నాడు ఊళ్ళో మాత్రం పంది ఏనుగంత ఉండిందని చెప్పేవాడు. నాకు నవ్వొచ్చేది. పని అయ్యాక నూనె గుడ్డతో నన్ను తుడిచేవాడు, అది చాలు నాకు.

ఒక సాయంత్రం పొద్దు గుంకుతుండగా, చేను మధ్యలో మొక్కలు కదిలాయి. గంగులప్ప నన్ను ఎత్తి గురి చూశాడు. నల్లగా ఏదో వంగి ఉంది, మొక్కలు పీకుతోంది. ఆయన వేలు మీటను సగం దాకా నొక్కింది. అంతలో ఆ నల్లటిది నిటారుగా లేచి, పక్కనున్న సంగటి గంప నెత్తికెత్తుకుని, "ఏమయ్యో, దిగిరా. అన్నం చల్లారతాది" అంది.

అది ఓబక్క. ఆయన పెళ్ళాం. మేకకు వేయడానికని దారిలో నాలుగు కలుపు మొక్కలు పీకుతోంది. నా నోరు ఇంకా ఆమె గుండెకు ఎదురుగానే ఉంది. ఆమె చూసింది. గంప గట్టు మీద దించి కూర్చుంది. ఆయన మంచె దిగలేదు. ఆమె ఇంకోసారి పిలిచింది, అప్పటికీ దిగలేదు. పైన ఆయన ఎలా వణుకుతున్నాడో నాకొక్కదానికే తెలుసు, ఆ వణుకంతా నా మీదనే కదా.

ఇంటికొచ్చాక కేపు తీసి పారేసి నన్ను గోడ కొక్కేనికి తగిలించాడు. మందును మాత్రం తియ్యలేదు. దాన్ని వదిలించుకోవాలంటే గాల్లోకి పేల్చడమే ఆయనకు తెలిసిన దారి, ఆ మీట మీద మళ్ళీ వేలు పెట్టడం ఆయన వల్ల కాలేదు. ఆ రోజు నుంచి పందుల్ని డబ్బా కొట్టి తోలాడు. ఇంట్లో తుపాకి పెట్టుకుని డబ్బా కొట్టే మొనగాడని ఊరంతా నవ్వింది. మీసం తీసేశాడు. నవ్వేవాళ్ళను ఒక్క మాట అనలేదు. ఆ మొగుడూ పెళ్ళామూ ఆ సాయంత్రం గురించి ఒకరితో ఒకరు ఎన్నడూ మాట్లాడుకోలేదు. నేను వాళ్ళ తలల మీదనే వేలాడుతున్నాను కాబట్టి రూఢిగా చెప్పగలను.

నాకు పట్టిన తుప్పు సంగతి వింటే మీకు నవ్వొస్తుంది. అది పూజల వల్ల పట్టింది. ఏటా దసరాకు నన్ను దించి, పసుపు నీళ్ళతో కడిగి, కుంకుమ బొట్లు పెట్టి, సగానికి కోసిన నిమ్మకాయను నా నోటికి గుచ్చేవాళ్ళు. ఆ పులుపంతా లోపలికి కారేది. చేతులెత్తి దండం పెట్టి, తడి కూడా తుడవకుండా మళ్ళీ కొక్కేనికి తగిలించేవాళ్ళు. దేవుణ్ణి చేసి చంపడమంటే ఇదే. బయట తుప్పు పాకింది. లోపల చెమ్మగిల్లిన మందు నా గోడల్ని గుంటలు గుంటలుగా తినేసింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా నన్ను స్టేషనులో అప్పగించాలి. అక్కడ ఎవరో ఒకరు నా నోటికి కన్ను ఆనించి లోపలికి చూసేవారు. చీకటి తప్ప ఏం కనబడుతుంది? బాబూ, కన్ను తీయరా అని మొత్తుకునేదాన్ని. నా మొర ఎవరికి వినబడుతుంది?

గంగులప్ప జ్వరంతో పోయాడు. కొడుకు వన్నూరప్పకు లైసెన్సు వచ్చింది. ఆ ఏడు పందులు చేనును దున్నినట్టు తవ్వేశాయి. డబ్బా మోతకు అవి ఎప్పుడో అలవాటు పడ్డాయి. వన్నూరప్ప నన్ను దించి గోనెసంచిలో చుట్టి, తల్లిని బండి వెనక కూర్చోబెట్టుకుని సంతకు బయలుదేరాడు. ఓబక్క కూరగాయలకని సంతలోకి పోయింది. వాడు నన్ను కమ్మరి మౌనాచారి కొలిమికి తీసుకెళ్ళాడు.

మౌనాచారి పిడి నుంచి నన్ను విడదీసి, ఇటుక పొడీ నూనే కలిపి పీచుతో రుద్దాడు. ఎర్ర తుప్పు చెక్కలు చెక్కలుగా రాలింది. హాయిగా ఉందని అబద్ధం చెప్పను, నా భయం నాది. కేపు లేకపోతే నేను పేలను. కానీ నిప్పు సెగ తగిలితే కేపుతో పనేముంది? నా నోటి ఎదుట ఎవడుంటే వాడు పోతాడు.

ఆచారి కడ్డీ లోపలికి తోశాడు. అది అడుగుదాకా దిగకుండా ఆగిపోయింది. నోరు పెట్టి ఊదాడు. వెనక సన్న రంధ్రంలోంచి గాలి రాలేదు.

"లోపలంతా తుప్పు గడ్డకట్టుకోనుండాదప్పా" అన్నాడు. "వెనక మూత ఊడదీయాల. మరలు కూడా కరుచుకోనుంటాయి. కాల్చి తిప్పితేనే వస్తాది."

"ఎట్లోకట్ల చేయి ఆచారీ. ఈసారి పంట పోతే నేను బెంగుళూరు కూలికి పోవాల్సిందే" అన్నాడు వన్నూరప్ప.

అలా నా మూత వైపు బొగ్గుల్లోకి పోయింది. వన్నూరప్ప తడి గోనెపట్టతో నా నోటి వైపు పట్టుకుని, పొట్టకు ఆనించుకుని కూర్చున్నాడు. ఆచారి తిత్తి ఊదాడు. బొగ్గులు ఎర్రబడ్డాయి. నా వెనక భాగం గోరువెచ్చనయింది, ఆపైన వేడెక్కసాగింది. తండ్రి ఆపుకున్న దెబ్బను కొడుకు పొట్టలోకి కక్కబోతున్నాను. ఇనుముకు గొంతు ఉండదు. ఉన్న ఒక్క గొంతూ తెరిస్తే వాడు చస్తాడు. అంత దిక్కుమాలిన ఘడియ నా బతుకులో ఇంకోటి లేదు.

ఓబక్క కూరగాయల సంచితో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "ఇంకా కాలేదేమి రా?" అంది.

"యాడమ్మా. కడ్డీ ఇంకా జానెడు దిగాల. తుప్పు అంత పేరుకపోయుండాది."

ఆమె నన్ను చూసింది. కొడుకు పొట్టను చూసింది. సంచి కింద పడింది.

"బయటికి తీయి ఆచారీ. ముందు బయటికి తీయి. రేయ్, నువ్వు పక్కకు జరుగు."

ఆ గొంతులో ఏముందో గానీ ఆచారి మారుమాట్లాడకుండా నన్ను లాగి ఇసుకలో పడేశాడు. వన్నూరప్ప లేచి నిలబడ్డాడు.

"అది తుప్పు గాదు. మందు" అంది ఓబక్క.

"నీకెట్ల తెలుసు మా?"

"మీ నాయన పెట్టినాడు, పేల్చలా. ఆ పొద్దు నుంచి ఈ తుపాకి మోత నువ్వెప్పుడన్నా విన్న్యావా?" ఇసుకలో పడున్న నన్ను చూపించింది. "పంది అనుకున్నాడు. చేన్లో ఉండింది నేను. అది నాకోసం పెట్టిన మందు రా."

డబ్బా కొట్టే తండ్రిని చూసి చిన్నప్పుడు వన్నూరప్ప కూడా నవ్వినవాడే.

నేను చల్లారాక ఆచారి నా నోట్లో నీళ్ళు పోసి నానబెట్టాడు. కొనకు మర ఉన్న కడ్డీతో మెల్లగా పీచు లాగాడు. దాని వెంట గుండ్లు దొర్లాయి. ఆ వెనక నల్లటి బురద. ఎన్నేళ్ళ బరువో అది. ఏడుపు వచ్చే వీలుంటే ఏడ్చేదాన్ని. ఓబక్క గుండ్లను ఏరి కొంగున ముడి వేసుకుంది. అప్పుడు కాల్చి మూత ఊడదీసి, రుద్ది, కడిగి, ఆచారి నన్ను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"తుప్పు పాయనమ్మా. గుంటలు పోవు. అవి పోయేదాకా అరగదీస్తే ఇనుమే మిగలదు. మందు కూర్చున్న కాడే బాగా తినేసింది. దీన్ని ఇంక పేల్చొద్దు, స్టేషన్లో అప్పజెప్పేయండి. పందులకు కంచె కట్టుకోండి."

"లోపల ఇంకేమన్నా మిగిలిందా?" అని అడిగింది ఓబక్క.

"నువ్వే ఊది చూడమ్మా. పొయ్యి ఊదినట్ల ఊదు."

ఆమె నన్ను ఒళ్ళో పెట్టుకుని నా నోటికి నోరు ఆనించింది. ఎప్పుడూ బయటికి కక్కడమే గానీ, ఒకరి ఊపిరి లోపలికి తీసుకోవడం నాకు కొత్త. ఆ ఊపిరి గుంటలన్నీ తడుముకుంటూ పోయింది. అవతలి కొన దగ్గర వన్నూరప్ప అరచెయ్యి పెట్టి, "వస్తాంది మా, గాలి వస్తాంది" అన్నాడు.

పని అయిపోయింది. అయినా ఆమె నన్ను దించలేదు. పెదవులు నా నోటి దగ్గరే ఉంచి, నాకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా అంది: "అయిపాయ లే. దిగిరా ఇంక. అన్నం చల్లారతాది."